ఎర్రయ్య ఏమంటాడో

2071 నాటికి మన తీరంలో అంత తెలివైన సాఫ్ట్‌వేర్ మరొకటి లేదు. ఉపగ్రహాలూ, సముద్రంలో తేలే సెన్సర్లూ పంపే లెక్కలన్నీ చూసి, నేడు వేటకు వెళ్ళొచ్చో లేదో ఒక్క ముక్కలో చెప్పేస్తుంది. దాని పేరు ‘మెరైన్ ఇన్‌సైట్ ప్రో’. కొల్లివానిపేటలో మూడు వందల ఫోన్లలో ఉంది. తెరిచిన పాపాన ఒక్కడూ పోలేదు.

అందుకే డాక్టర్ హైమవతి ‘పేర్ల ఇంజిన్’ కనిపెట్టింది. అది చేసే పని చాలా తేలిక. వారం రోజులు జనం మాటలు వింటుంది, వాళ్ళ అనుమతితోనే లెండి. ఏ పనికి ఎవరిని తలచుకుంటారో పట్టుకుని, ఆ పేరే సాఫ్ట్‌వేర్‌కు పెట్టేస్తుంది.

ఎనిమిదో రోజు ఫోన్లన్నిటిలో కొత్త పేరు వెలిగింది: ‘ఎర్రయ్య’.

డెబ్బై ఏళ్ళ గనగళ్ల ఎర్రయ్యను అడగందే ఆ ఊళ్ళో బోటు కదలదు. తన పేరు చూసుకుని ఆయన రొమ్ము విరుచుకుని ఊరంతా ఓ చుట్టు చుట్టి వచ్చాడు. మధ్యాహ్నానికల్లా అందరూ యాప్ తెరిచారు. హైమవతి సంతోషానికి పట్టపగ్గాల్లేవు. ఉండనక్కర్లేదు కూడా, పెద్ద పెద్ద కంపెనీలు చేతులెత్తేసిన పని అది.

నెల తిరక్కుండానే లెక్క ఒకసారి తప్పింది. ‘వెళ్ళొచ్చు’ అంది, గాలి తిరగబడింది. మనుషులు దక్కారు గానీ వలలు పోయాయి. జనం తిన్నగా ఎర్రయ్య గుమ్మం మీదికొచ్చారు.

“నీ మాట నమ్మే కదేటి మావా, మా ఓణ్ణి పంపాను!” అని విరుచుకుపడింది నూకరత్నం.

“నానెక్కడ సెప్పానే? ఆ ఫోను సెప్పింది.”

“పేరు నీది కాదేటి?”

ఎర్రయ్య గుమ్మంలోనే చతికిలబడ్డాడు. యాభై ఏళ్ళుగా ఆ పేరుకు మచ్చ లేదు మరి.

కబురు తెలిసి హైమవతి పరుగున వచ్చింది. “తప్పు నాది తాతగారూ. ఆ పేరు ఇప్పుడే తీసేస్తాను.”

“తియ్యకమ్మా. తీసేత్తే ఎర్రయ్య తప్పు సెప్పి తప్పుకున్నాడంతారు. అది ‘ఎల్లండి’ అనే ముందు నన్నొకపాలి అడగమను.”

హైమవతి ఆయన ఫోన్లో ‘వెళ్ళొచ్చు’, ‘వద్దు’ అని రెండు బటన్లు పెట్టింది; ఆయన ఏది నొక్కితే అదే ఊరందరి ఫోన్లలో కనిపిస్తుంది. అప్పట్నుంచీ ఉపగ్రహాలూ, సెన్సర్లూ, కంప్యూటర్లూ రోజూ తెల్లవారగానే ఎర్రయ్య ఒడ్డుకొచ్చి ఆకాశం చూసేదాకా కాచుకుని కూర్చుంటున్నాయి. ఏడాదిలో ఒక్క మాటా పొల్లుపోలేదు. దేశదేశాల సభల్లో హైమవతి ఆ లెక్కల్ని తలెత్తుకుని చూపించింది.

మొన్నొక పొద్దున బోటు నీళ్ళలోకి తోస్తున్న కుర్రాళ్ళను చూసి ఎర్రయ్య కేకేశాడు.

“ఇయ్యాల ఒద్దురా!”

“ఉండు తాతా,” అన్నారు వాళ్ళు ఫోన్లు తీస్తూ. “ఎర్రయ్య ఏటంతాడో సూడనీ.”

ఎర్రయ్య కోప్పడలేదు. మీసం దువ్వుకుని, ‘వద్దు’ బటన్ నొక్కి, వాళ్ళు బోటు వెనక్కి లాగేదాకా అక్కడే నిలబడ్డాడు.