పడవ బండికి ఎర్త్ పోయింది

శనివారం పదకొండు గంటలకు, సన్నగా వాన పడుతుండగా, ఖాజాగూడ రోడ్డు మీద ఒక జీపు వెనకాల పడవను లాక్కుంటూ వచ్చి ఆటో ఎలక్ట్రికల్ షాపు ముందు ఆగింది. పడవ సగం షాపుకీ, మిగతా సగం పక్కనున్న టీ కొట్టుకీ అడ్డం పడింది. టీ తాగుతున్నవాళ్లు గ్లాసులు పట్టుకుని పక్కకు జరిగారు.

జీపులోంచి దిగినవాడి పేరు వినయ్. ప్రొద్దుటూరువాడు. ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్‌లో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో ఆరేళ్లుగా పనిచేస్తున్నాడు. వరదలొచ్చినప్పుడు చిక్కుకున్నవాళ్లను గట్టుకు చేర్చడానికి అతనూ, ఆఫీసులో మరో నలుగురూ కలిసి ఆ పడవ కొన్నారు. దాన్ని మోసే ట్రైలర్‌కి నెల రోజులుగా లైట్లు సరిగా వెలగడం లేదు.

“మెకానిక్ అన్న లేడా?” అని అడిగాడు.

ఆటో ముందు చక్రం దగ్గర కూర్చుని వైర్లు కలుపుతున్న అమ్మాయి తల ఎత్తలేదు. “మా ఇంట్ల అన్న లేడు సార్. నేనొక్కదాన్నే. అన్న కోసం ఆగుతరా, పని చెప్తరా?”

లోపల కుర్చీలో కూర్చున్న పెద్దాయన దగ్గుతూ నవ్వాడు. ఆయన బాలనర్సయ్య. షాపు పెట్టింది ఆయనే. నడుం నొప్పి వచ్చి కుర్చీకి పరిమితమైనప్పటి నుంచి కూతురు మమత నడుపుతోంది. ఐటీఐలో ఎలక్ట్రీషియన్ కోర్సు చేసింది.

వినయ్ ముఖం ఎర్రబడింది. “బ్రేక్ తొక్కితే ఇండికేటర్ వెలుగుతోందండీ. ఇండికేటర్ వేస్తే అన్నీ మసగ్గా వెలుగుతున్నాయి. బల్బులు మూడుసార్లు మార్చాను. వీడియోలన్నీ చూశాను.”

“వీడియోలు చూసిన్రు. ట్రైలర్‌ని చూసిన్రా?”

అతను తిరిగి ట్రైలర్ వైపు చూశాడు.

“బండ్ల కూసొని బ్రేక్ తొక్కుండ్రి. నేను చెప్పేదాంక కాలు తియ్యొద్దు.”

వినయ్ జీపెక్కి బ్రేక్ తొక్కాడు. పక్క అద్దంలో వాన చుక్కల మధ్య ఆమె కనిపించింది. ట్రైలర్ దగ్గర ఒంగి, జడను భుజం మీదికి విసిరి, ఒక వైరుని వేలితో తడుముకుంటూ ముందుకొస్తోంది. అతను అద్దంలోకే చూస్తూ ఉండిపోయాడు.

“కాలు తీయమని రెండుసార్లు చెప్పిన సార్. వినపడతలేదా?”

“సారీ అండీ.”

“ఇటు రాండ్రి.” ట్రైలర్ ముందు కొసన ఉన్న ఒక బోల్టు చూపించింది. దాని కింద తెల్ల వైరు, వైరు చుట్టూ పొడిపొడిగా తుప్పు. “కరెంటు బల్బు దాక మంచిగనే పోతుంది. తిరిగొచ్చే తొవ్వ ఇది. ఎర్త్. ఇది పట్టు తప్పింది. సొంత తొవ్వ లేకపోయేసరికి పక్క బల్బులోంచి దూరి వస్తుంది. అందుకే మీరు బ్రేక్ తొక్కితే ఇండికేటర్ వెలుగుతుంది.”

బోల్టు విప్పి, గరుకు కాగితంతో ఇనుము తళుక్కుమనేదాకా రుద్దింది. వైరు కొస కత్తిరించి, దానికి కొత్త ఇత్తడి రింగు తొడిగి బోల్టు కింద బిగించింది. ఇరవై నిమిషాలు కూడా పట్టలేదు. ఈసారి బ్రేక్ తొక్కితే రెండు ఎర్ర లైట్లూ నిండుగా వెలిగాయి.

“నెల రోజులు!” అన్నాడు వినయ్.

“ఫికర్ చెయ్యకుండ్రి. చానామంది బల్బులనే అనుమానిస్తరు” అంది మమత. అప్పుడు మొదటిసారి నవ్వింది.

*

పది రోజులకు మళ్లీ వచ్చాడు. ఎడమ లైటు ఆరిపోయింది. మమత అద్దం విప్పితే లోపలి నుంచి నీళ్లు కారాయి.

“పడవను చెరువుల దించేముందు జీపుకున్న లైట్ల ప్లగ్ పీకిన్రా?”

“పీకాలా?”

“బల్బు వేడి మీదుంటది. చల్లటి నీళ్లల్ల ముంచితే పగులుతది. మీరు వేడి వేడి రొట్టెల పెంక మీద నీళ్లు పోస్తరా?”

“నేను వంట చెయ్యనండీ.”

“అది గూడ రాదా?”

బాలనర్సయ్య మళ్లీ దగ్గాడు. ఆ రోజు వినయ్ టీ తెప్పించాడు. పని నేర్చుకుంటానని టెస్టర్ బల్బు ఎలా పట్టుకోవాలో అడిగాడు. ఆమె చేసి చూపిస్తుంటే ఫోన్లో వీడియో తీసుకోవచ్చా అన్నాడు. నేర్చుకోవడానికైతే తీసుకోమంది. ఆ తర్వాత లైట్లు బాగానే ఉన్నా, పుప్పాలగూడలోని తన ఇంటికి దారి కాకపోయినా, అతను ఆఫీసు నుంచి ఖాజాగూడ మీదుగా వెళ్లడం మొదలుపెట్టాడు. ఒకరోజు హారన్ బాగాలేదన్నాడు. మమత నొక్కి చూసింది. టీ కొట్టులోవాళ్లు ఉలిక్కిపడ్డారు.

“మంచిగనే ఉంది కదా సార్.”

“ఇప్పుడు బాగుంది. పొద్దున లేదు.”

“మా దుకాణం చూసి బాగైందేమో” అని ఆమె లోపలికి వెళ్లింది. లోపలికి వెళ్లాక నవ్వుకుంది. కూతురు అలా నవ్వుకోవడం బాలనర్సయ్య చూశాడు.

*

వర్షిత స్కూటీ హెడ్‌లైట్ బాగు చేయించుకోవడానికి వచ్చింది జులై మొదటివారంలో. పడవ కొన్న అయిదుగురిలో ఆమె ఒకతె. బయట నిలబెట్టి ఉన్న బండ్లు చూస్తూ, ఊసుపోక మాట కలిపింది.

“మా టీమ్‌లో ఒకతను ట్రైలర్ లైట్లన్నీ తనే రిపేర్ చేశాడు తెలుసా? వీడియో కూడా పెట్టాడు. ఆఫీసంతా చూశారు.”

ఫోన్ చూపించింది. ‘పడవ ట్రైలర్ లైట్లు మనమే బాగుచేసుకుందాం’ అని పేరు. కింద వినయ్ పేరు. వెనక సంగీతం. మాటలు తీసేశారు. తెరమీద రెండు చేతులు మాత్రం కనిపిస్తున్నాయి. కుడి బొటనవేలి మీద సోల్డరింగ్ కడ్డీ తగిలి కాలిన మచ్చ ఉంది.

మమత తన బొటనవేలిని గుడ్డతో తుడుచుకుంది.

“బాగ చేసిండు” అంది.

మర్నాడు వినయ్ వచ్చేసరికి ఆమె ఎప్పటిలా పలకరించలేదు.

“ఏం ఖరాబైంది సార్?”

“ఏం లేదు. ఊరికే ఇలా…”

“మీకు అన్నీ వచ్చు కదా. ఆఫీసుల అందరికి నేర్పిస్తున్నరట. గా చేతులు ఎవరివని ఎవలన్న అడిగిన్రా?”

వినయ్‌కి అర్థమైంది. “మమతగారూ, పేరు వెయ్యడం మర్చిపోయానండీ. నిజంగా.”

“నా గొంతు తీసేసుడు గూడ మర్చిపోయే తీసేసిన్రా?”

అతను ఏదో చెప్పబోయాడు. ఆమె ఆటోవాలా వైపు తిరిగింది. “నీ బండి చూపియ్యన్నా.” వినయ్ జీపెక్కి వెళ్లిపోయాడు. మూడు వారాలు రాలేదు.

*

ఆ నెలాఖరున మూడు రోజులు ఆగకుండా వాన కురిసింది. వికారాబాద్ అవతల ఒక వాగు పొంగి తండా చుట్టూ నీళ్లు చేరాయని మధ్యాహ్నం రెండింటికి ఫోన్ వచ్చింది. అయిదుగురూ ఆఫీసులోంచి లేచి బయల్దేరారు. నానక్‌రామ్‌గూడ దగ్గర రింగ్ రోడ్డు ఎక్కబోతుంటే పోలీసాయన చెయ్యి అడ్డం పెట్టాడు.

“వెనక లైటు ఒక్కటి గూడ లేదు సార్. ఈ వానల మీ వెనకొచ్చే లారీకి పడవ కనపడదు. ఎక్కనియ్య.”

ఆయన చెప్పింది నిజమే. మధ్యాహ్నమే అయినా వానకు ముందున్న బండి కనిపించడం లేదు. నలుగురూ వినయ్ వైపు చూశారు. వీడియో పెట్టింది అతనే కదా.

వినయ్ ఎర్త్ చూశాడు. గట్టిగానే ఉంది. బల్బులు చూశాడు. బాగానే ఉన్నాయి. ఇంక ఏం చూడాలో తెలియలేదు. వర్షిత పక్కనే నిలబడి ఉండగా ఫోన్ తీశాడు.

“మమతగారూ, వినయ్‌ని. ట్రైలర్ వెనక లైట్లు పోయాయి. తండాలో జనం చిక్కుకున్నారు. నాకు తెలియడం లేదు.”

అవతల వాన చప్పుడులోంచి మమత గొంతు వచ్చింది.

“స్పీకర్ల పెట్టు. జీపు వెనక లైట్లు గూడ పోయినయా?”

అతను వెళ్లి చూశాడు. “పోయాయి. బ్రేక్ లైట్లు మాత్రం ఉన్నాయి.”

“అయితే ఫ్యూజు కాలింది. ఆగు, అప్పుడే మార్చకు. మారిస్తే అది గూడ కాలుతది. ఎక్కడనో వైరు ఒలుచుకుపోయి ఇనుముకు తగులుతుంది. ప్లగ్ దగ్గర నుంచి వైరు పట్టుకొని వెనక్కి నడువు. చూసుకుంట కాదు, వేళ్లతోని తడుముకుంట.”

వినయ్ బురదలో మోకాళ్ల మీద పాక్కుంటూ వెళ్లాడు. “ఏమీ లేదు… ఏమీ లేదు…”

“తొందరపడకు. మూల తిరిగే కాడ జర చూడు. అక్కడ ఒరుసుకుంటది.”

చక్రం దగ్గర, వైరు ఇనప కమ్మీ మలుపు తిరిగేచోట, వేలికి చల్లగా రాగి తగిలింది.

“దొరికింది!”

“తుడువు. ఆరిందా? టేపు చుట్టు. ఒక్క చుట్టు కాదు, నాలుగు. ఇప్పుడు ఫ్యూజు మార్చు. ఫ్యూజు డబ్బా మూతకే స్పేర్ ఉంటది.”

లైట్లు వెలిగాయి. పోలీసాయన చెయ్యి తీసి దారి చూపించాడు.

“మమతగారూ…”

“ఇగ పో. పని చూసుకో” అని పెట్టేసింది.

జీపు కదిలాక వర్షిత అడిగింది. “ఆ వీడియోలో చేతులు ఆ అమ్మాయివేనా?”

“ఆమెవే” అన్నాడు వినయ్.

ఆ సాయంత్రానికి వాళ్లు తండాలోంచి పదకొండు మందినీ, రెండు మేకలనూ ఒడ్డుకు చేర్చారు. అందులో నిండు గర్భిణి ఒకామె ఉంది. ఆమెను దవాఖానకు పంపేదాకా వినయ్ నీళ్లలోనే ఉన్నాడు.

*

రెండు రోజుల తర్వాత షాపుకి వచ్చాడు. పడవ లేదు, జీపు లేదు. షేర్ ఆటోలో వచ్చాడు.

“వీడియో మార్చాను. మీ గొంతుతో, మీ పేరుతో, షాపు పేరుతో పెట్టాను. పాతది అబద్ధమని కూడా రాశాను.”

“చూసిన. వర్షిత మేడం పంపింది.” మమత చేతిలో పని ఆపలేదు. “పేరు గురించి కాదు నా కోపం. నా గొంతు ఎందుకు తీసేసిన్రో చెప్పుండ్రి.”

మర్చిపోయానని ఈసారి అనలేదు. “సిగ్గేసింది. నాకు రాలేదని ఆఫీసువాళ్ల ముందు ఒప్పుకోవడానికి సిగ్గేసింది. అందరూ మెచ్చుకునేసరికి బాగుందనిపించింది. అంతే. అంతకన్నా మంచి కారణం లేదు.”

ఆమె అతని ముఖంలోకి చూసింది. అతను చూపు తిప్పుకోలేదు.

“మొన్న అందరి ముందట స్పీకర్ పెట్టినప్పుడు సిగ్గు కాలేదా?”

“అప్పుడు జ్ఞాపకం రాలేదు.”

మమత స్క్రూడ్రైవర్ కింద పెట్టింది. “ఖాజాగూడ చెరువు పక్కనే పుట్టిన. ఒక్కసారి గూడ పడవ ఎక్కలే. ఎక్కిస్తరా?”

ఆ ఆదివారం వినయ్, తన జట్టు పడవ నడపడం ప్రాక్టీసు చేసే చెరువుకి ఆమెను తీసుకెళ్లాడు. లైఫ్ జాకెట్ వేసుకుని, రెండు అంచులూ గట్టిగా పట్టుకుని కూర్చుంది. గట్టు దూరమవుతున్నకొద్దీ మాటలు తగ్గాయి.

“భయమా?”

“భయం కాదు. పట్టుకునేటందుకు నేల లేదు, గంతే.”

“నా చెయ్యి పట్టుకోవచ్చు.”

“నువ్వు ఎర్త్‌వా?”

మొదటిసారి ఎదురుగా కూర్చుని నువ్వు అంది. వినయ్ తెడ్డు వెయ్యడం ఆపాడు. “మమతా, నాకు నువ్వంటే ఇష్టం. హారన్ ఎప్పుడూ చెడిపోలేదు.”

“హారన్ సంగతి మా నాయనకు గూడ తెలుసు. ఆయన్నే అడుగు. నేను సరే అన్ననని చెప్పు.” అలా అని అతని చెయ్యి పట్టుకుంది. పడవ చాలాసేపు నీళ్ల మధ్యలోనే తిరిగింది.

బాలనర్సయ్య ఒకటే మాట అడిగాడు. “దుకాణం బంద్ చెయ్యమంటవా?”

“అననండీ. నా పడవ ఎవరు చూస్తారు?”

“పడవ కోసం చేసుకుంటున్నవా నా బిడ్డను?”

వినయ్ కంగారుపడి కాదు కాదని చెప్పేలోపే పెద్దాయన దగ్గు మొదలైంది. నవ్వు ఆగేదాకా అందరూ ఆగారు.

మిగిలింది వినయ్ తల్లి ఓబులమ్మ. ఫోన్లో విషయం విని అవుననలేదు, కాదనలేదు. వారం తిరక్కుండా ప్రొద్దుటూరులో బస్సెక్కి వచ్చి, ముందుగా చెప్పకుండా కొడుకుని వెంటబెట్టుకుని షాపుకి వచ్చింది. మమత చేతుల నిండా గ్రీజు. లేచి నిలబడింది గాని నమస్కారం ఎలా పెట్టాలో తెలియలేదు.

ఓబులమ్మ ఆ చేతుల్ని పట్టుకుని తిప్పి చూసింది. బొటనవేలి మచ్చ మీద తన వేలు పెట్టింది.

“కాలిందా మా?”

“చిన్నగనే.”

ఓబులమ్మ తన చూపుడువేలు చూపించింది. గోరు మధ్య నుంచి చీలి ఉంది. “కుట్టుమిషన్ సూది. ఇరవై ఏండ్లు బట్టలు కుట్టి వీడిని చదివించినాను. వీళ్ల నాయన పోయినప్పుడు ఎవురూ అన్నం పెట్టలేదు, ఈ చేతులే పెట్టినాయి. చేతిలో పని ఉండాది నీకు. నాకింకేమి కావల్ల?”

మమత కళ్లు నిండాయి. తుడుచుకుంటే ముఖానికి గ్రీజు అంటుకుంది. వినయ్ నవ్వబోయి, తల్లి చూపు చూసి మానుకున్నాడు.

“ఏమి నిలబడినావు మా? ఆటోవాడు కాసుకోనుండాడు. నీ పని నువ్వు కానీ, నేను కూర్చుంటా” అని ఓబులమ్మ స్టూలు లాక్కుని గుమ్మంలో కూర్చుంది.

మమత మళ్లీ ఆటో దగ్గర కూర్చుంది. కాసేపటికి తల తిప్పింది.

“అత్తమ్మా, గక్కడ ఎండ కొడతది. జర లోపలికి జరుగు.”

ఓబులమ్మ స్టూలుని నీడలోకి జరుపుకుంది.