బావి దగ్గర రెండో మనిషి

ఏసురత్నం కుర్చీ ముందు నిలబడ్డాడు గానీ కూర్చోలేదు. చేతిలో తువ్వాలు, కాళ్లకి దుమ్ము. చిల్లకల్లు నుంచి నందిగామ బస్సులోనే వచ్చినా నడిచి వచ్చినవాడిలా ఉన్నాడు.

“కూర్చోండి,” అంది రోజారమణి.

“పర్లేదమ్మా.”

“మీరు నిలబడితే మా బాబాయ్ గారూ నిలబడతారు. ఆయనకి మోకాళ్ల నొప్పులు.”

అప్పుడు కూర్చున్నాడు, కుర్చీ అంచున.

బాబాయ్ గారంటే దశరథరామయ్య. ముప్పై రెండేళ్లు కోర్టులో స్టెనోగా పనిచేసి రిటైరయ్యాడు. ఎదుటి మనిషి నోరు తెరిస్తే చాలు, ఆయన పెన్సిలు దానంతటదే కదులుతుంది. రోజారమణి ఒకప్పుడు బీమా కంపెనీ తరఫున క్లెయిములు విచారించేది. ఇప్పుడు బస్టాండు ఎదురుగా మేడ మీద గదిలో సొంతంగా కేసులు చూస్తోంది. జడ్జీలనీ వకీళ్లనీ ఎందరినో చూసిన దశరథరామయ్యకి ఆమె తెలివి మీద ఒక రకమైన భక్తి ఉంది. ఆ సంగతి ఎప్పుడూ పైకి అనలేదు.

ఏసురత్నం చెప్పింది ఇది. ఆరేళ్ల కిందట, 2019 ఆగస్టు పదమూడో తేదీ మంగళవారం సాయంత్రం, రిటైర్డ్ హెడ్మాస్టరు రత్తయ్య చిల్లకల్లు దగ్గర తన పొలం బావిలో పడి చనిపోయాడు. మర్నాడు పొద్దున మోటారు వెయ్యడానికి వెళ్లిన ఏసురత్నమే శవాన్ని మొదట చూశాడు. కాలు జారిందని పోలీసులు రాసుకున్నారు. అందరూ మర్చిపోయారు. ఈ ఏడు జగ్గయ్యపేటలో నేర కథల పాడ్‌కాస్టులు వినే నలుగురు కలిసి తామే ఒకటి మొదలుపెట్టారు. పేరు ‘మూతపడ్డ ఫైలు’. మొదటి కేసు రత్తయ్యదే. మూడు భాగాలు వచ్చాక వాళ్లకి సంతకం లేని ఉత్తరం ఒకటి వచ్చింది. నాలుగో భాగంలో దాన్ని చదివి వినిపించారు.

“నా పేరు చెప్పలేదమ్మా. ‘మోటారు వేసే మనిషి’ అన్నారు. ఆ బావికి మోటారు వేసేది నేనొక్కణ్ణే కదా. వచ్చే ఆదివారం పేరు చెబుతారంట.”

“ఊళ్లో ఏమంటున్నారు?”

“ఏమీ అనరు. అదే బాధ. ఇరవై ఏడేళ్లుగా మా చర్చిలో గంట కొట్టేది నేనే. విషయం తేలేదాకా తాడు ముట్టుకోవద్దన్నారు పెద్దలు.” తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. “ఇప్పుడు ఆరింటికి చేతులు ఊరుకోవమ్మా. ఎక్కడ పెట్టుకోవాలో తెలీదు.”

“ఆ మంగళవారం సాయంత్రం ఎక్కడున్నారు?”

“గుర్తులేదు. ఆరింటికి కదా, గంట కొడుతూ ఉండుంటా.”

రోజారమణి ఉత్తరం నకలు పైకి చదివింది. అచ్చువేసిన నాలుగు వాక్యాలు. *ముందు మోటారు షెడ్డు కనపడింది. తర్వాత బావి. గట్టు మీద రత్తయ్య గారు, ఆయన వెనక మోటారు వేసే మనిషి. అప్పుడే చర్చిలో ఆరింటి గంట మోగింది.*

ఏసురత్నం వెళ్లాక దశరథరామయ్య ఇక ఆగలేకపోయాడు. “అమ్మా, కేసు తేలిపోయింది. గంట మోగిందంటే కొట్టింది ఇతనే. తాడు లాగుతున్నవాడు బావి దగ్గర ఎలా ఉంటాడు?”

“వాళ్లూ ఆలోచించే ఉంటారు బాబాయ్ గారూ. తాడు ఇంకెవరో లాగారంటారు. తర్వాత ఆ ఇంకెవరి మీదో ఇంకో ఎపిసోడ్ చేస్తారు.”

*

గురువారం సాయంత్రం జగ్గయ్యపేటలో, పాడ్‌కాస్టు నడిపే చైతన్య మందుల షాపు పైగదిలో ఆ నలుగురూ కూర్చుని ఉన్నారు. గోడలకి గుడ్డలు అతికించారు, గొంతు బాగా పలకడానికట. రోజారమణి, దశరథరామయ్య వెళ్లేసరికి మాటల జోరు మెట్ల దాకా వినపడుతోంది.

“శవాన్ని మొదట చూసినవాడే మొదటి అనుమానితుడు. ఏ డాక్యుమెంటరీ అయినా చూడండి,” అంటున్నాడు నవీన్‌బాబు. రెడ్డిగూడెంలో మామిడితోటలున్న కుటుంబం.

“ఆ లెక్కన మొన్న మీ గేదె చచ్చిపోతే మొదట చూసింది నువ్వే కదా,” అంది సూసన్. ల్యాబ్‌లో రక్త పరీక్షలు చేస్తుంది.

“నాకు మోటివ్ లేదు.”

“రెండేళ్లుగా పాలివ్వట్లేదని నువ్వే ఏడ్చావుగా!”

అందరూ నవ్వారు. కిటికీ పక్కన కూర్చున్న రత్నమణి మాత్రం నవ్వలేదు. రిటైర్డ్ టీచరు, అరవై దాటిన మనిషి. రత్తయ్య దగ్గర పనిచేసిందని చైతన్య పరిచయం చేశాడు.

రోజారమణి ఎవరినీ ఇబ్బంది పెట్టలేదు. ఎపిసోడ్ ఎలా తయారు చేస్తారని అడిగింది. చైతన్యకి ఉత్సాహం వచ్చింది.

“చిత్తుప్రతి ముందు మేమే వింటామండి, ఆదివారం నాలుగింటికి. ఫోన్లన్నీ ఈ స్టీలు బేసిన్లో వేసేస్తాం. లైటు తీసేసి కళ్లు మూసుకుంటాం. సంఘటన కళ్లకి కట్టినట్టు కనపడాలి. కనపడకపోతే మళ్లీ రాస్తా. అదే మా పరీక్ష.”

“ఎప్పుడైనా మార్చారా?”

“మొదటిది మార్చా. బావి ఘట్టం వెనక చర్చి గంట శబ్దం వేశా. నవీన్ ‘ఇది సినిమారా నాయనా’ అన్నాడు. తీసేసి విడుదల చేశాం.”

“ఆరేళ్ల కిందట మీరంతా ఎక్కడుండేవారు?”

“అనుమానితులం అయిపోయాం!” నవీన్‌బాబు మొహం వెలిగిపోయింది. “నేను తోటలోనేనండి. ఏడాదికోసారి పేట వస్తే గొప్ప.” సూసన్ అప్పుడు హైదరాబాద్‌లో కోర్సు చదువుతోంది. చైతన్య పొద్దుటినుంచి రాత్రి దాకా కింద షాపులోనే. రత్నమణి నందిగామ బడిలో చేసేది. “ఐదున్నర బస్సుకి వచ్చేదాన్ని,” అంది.

“ఈ ఎపిసోడ్లు మీకు నచ్చాయా టీచరు గారూ?”

“నచ్చడం కాదండి. నిద్రపట్టకపోతే అవే పెట్టుకుంటా. మొదటిదైతే ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు.”

మెట్లు దిగుతూ దశరథరామయ్య అనుకున్నాడు: నలుగురూ మంచివాళ్లే. కోర్టులో ఇది ఎన్నోసార్లు చూశాడు. ఒక మనిషిని ముంచడానికి చెడ్డవాళ్లే రానక్కర్లేదు.

*

శుక్రవారం రోజారమణి ఆయన్ని నందిగామలో ఐదున్నర బస్సు ఎక్కించింది. చిల్లకల్లు ఇంకా రాకముందే కిటికీలోంచి ముందు షెడ్డు, దాని వెనకే బావి కనపడి వెనక్కి పోయాయి. మూడు క్షణాలు కూడా పట్టలేదు.

“ఏం వినపడింది బాబాయ్ గారూ?”

“బస్సు,” అన్నాడాయన.

చర్చి దగ్గర సంఘ పెద్ద జ్ఞానయ్య గంట గూడు చూపించాడు. తాడుని పైకి చుట్టి కొక్కేనికి కట్టేశారు. పక్కన గోడకి చిన్న రాతి పలక ఉంది: *కీ.శే. రత్తమ్మ గారి జ్ఞాపకార్థం ఆమె కుమారులు చేయించి అమర్చిన గంట నాలుక. 18–8–2019, ఆదివారం.*

“గంట లోపల కొట్టుకునే నాలుక, పాతది విరిగి పడిపోతే చేయించారు. మా దగ్గర బెంచీ ఇచ్చినా, ఫ్యాను ఇచ్చినా పేరూ తేదీ వేయించాల్సిందే,” అన్నాడు జ్ఞానయ్య.

“పాతది ఎప్పుడు పడింది?”

“ఈ తేదీకి రెండు వారాల ముందు, ఆరాధన మధ్యలో. ధన్‌మని శబ్దం. పాస్టరు గారు ప్రసంగం ఆపేశారు.”

దశరథరామయ్య ఆ మాటా, ఆ తేదీ రాసుకున్నాడు. రాసుకున్నాడేగానీ రెండూ కలిపి చూడలేదు.

“ఆదివారం నాలుగింటికి జగ్గయ్యపేట రాగలరా?” అంది రోజారమణి. “ఏసురత్నం గారిని కూడా తీసుకురండి.”

*

ఆదివారం గదిలో ఎనిమిది మందికి చోటు చాలలేదు. ఏసురత్నం తలుపు దగ్గరే నిలబడ్డాడు. ఈసారి ఎవరు చెప్పినా కూర్చోలేదు. ఫోన్లు బేసిన్లో పడ్డాయి.

“ఉత్తరంలో ఒక్క మాట చాలు,” అంది రోజారమణి. “ఆరింటి గంట. రత్తయ్య గారు పోయింది పదమూడో తేదీ మంగళవారం. చర్చిలో పాత నాలుక విరిగింది అంతకుముందు నాలుగో తేదీ ఆదివారం. కొత్తది పెట్టింది పద్దెనిమిదిన. మధ్యలో ఆ గంట మోగడానికి వీల్లేదు.”

జ్ఞానయ్య నోటి మీద చెయ్యి పెట్టుకున్నాడు. “అవునమ్మా. ఆ రెండు వారాలూ పిల్లలు ఇంటింటికీ వెళ్లి పిలుచుకొచ్చారు.”

“ఏసురత్నం గారు కూడా గంట కొడుతూ ఉండుంటానన్నారు. రోజూ చేసే పని కాబట్టి ఆ రోజూ చేశాననుకున్నారు. ఆయన అబద్ధమాడలేదు, జ్ఞాపకం ఆడింది. మరి మోగని గంట ఉత్తరంలోకి ఎక్కణ్ణుంచి వచ్చింది?”

చైతన్య మొహంలో రంగు మారింది. “నా చిత్తుప్రతిలోంచి.”

“అది విన్నది ఈ గదిలో నలుగురే. ఇక రెండోది. నిలబడి చూసినవాళ్లు ముందు మనిషి గురించి చెబుతారు. ఈ ఉత్తరం ముందు షెడ్డు అంటుంది, తర్వాత బావి, చివరికి మనుషులు. కదిలే కిటికీలోంచి చూసిన వరస అది. నందిగామ నుంచి పేట వస్తేనే షెడ్డు ముందు వస్తుంది. చైతన్య గారు షాపులో, సూసన్ గారు హైదరాబాద్‌లో, నవీన్‌బాబు గారు తోటలో ఉండేవారు. రోజూ ఆ బస్సులో వచ్చింది ఒకరే.”

ఎవరూ తల తిప్పలేదు. కానీ అందరికీ తెలిసిపోయింది.

“నేనే రాశా,” అంది రత్నమణి. హాజరు పలికినట్టు పలికింది. “అబద్ధం రాయలేదండి. చూసిందే రాశా.”

“నమ్ముతున్నా. మొదటిసారి చూసినప్పుడు బావి దగ్గర ఎంతమంది ఉన్నారు?”

రత్నమణి కిటికీలోంచి కిందికి చూసింది. కింద షాపులో ఎవరో జ్వరం బిళ్లలు అడుగుతున్నారు.

“సారు రోజూ సాయంత్రం ఆ గట్టు మీద కూర్చునేవారు. మా బస్సు రాగానే చెయ్యెత్తేవారు. నేనూ ఎత్తేదాన్ని. ఆ రోజూ ఎత్తారు. నేనూ ఎత్తా.” ఆగింది. “కానీ సారు వంగిపోయి ఉన్నారు. రెండో చెయ్యి ఛాతీ మీద ఉంది. ఇల్లు చేరాక గుర్తొచ్చింది. అది పలకరింపో, పిలుపో... బస్సు ఆపమంటే డ్రైవరు ఆపేవాడు.”

దశరథరామయ్య పెన్సిలు ఆగింది. ఎన్నేళ్లలో అలా ఆగిందో ఆయనకే తెలీదు.

“ఇన్నేళ్లూ ఎవరికీ చెప్పలేదు. చైతన్య ఎపిసోడ్ విన్నాక ఒక రాత్రి సారు వెనక ఇంకో మనిషి కనపడ్డాడు. అప్పుడు నిద్రపట్టింది.”

“రెండో మనిషి ఉంటే తప్పు అతనిదవుతుంది, మీరు చెయ్యెత్తినా బస్సు ఆపినా ఒకటే,” అంది రోజారమణి. ఆమె గొంతులో నింద లేదు, ఓదార్పూ లేదు. “రత్తయ్య గారు ఎలా పడ్డారో నాకు తెలీదు. గుండె ఆగిందో, కాలు జారిందో. అది ఇక ఎవరికీ తెలీదు. ఏసురత్నం గారు అక్కడ ఉన్నారనడానికి ఆధారం ఈ ఉత్తరమొక్కటే. ఇప్పుడు అదీ లేదు.”

రత్నమణి తలుపు వైపు చూసింది. “ఇప్పటికీ కనపడుతున్నావు ఏసురత్నం. నువ్వక్కడ లేవని తెలిసింది. అయినా కనపడుతున్నావు. నేనేం చెయ్యను?”

ఏసురత్నం తువ్వాలు ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నాడు. “నేనేం చెప్పనమ్మా. నాకు మాత్రం ఆరింటికి పని ఉంది.” జ్ఞానయ్య వైపు చూశాడు. జ్ఞానయ్య లేచి బండి తాళం తీశాడు.

చైతన్య నాలుగో భాగం తీసేశాడు. ఐదో భాగంలో ఏం చెప్పాలని రోజారమణిని అడిగాడు. “ఇక్కడ జరిగింది చెప్పండి,” అందామె. “టీచరు గారి పేరు మాత్రం వద్దు. పేర్లు లేకుండా ఊరు ఏం చేస్తుందో చూశారుగా. పేర్లుంటే ఏం చేస్తుందో ఊహించండి.”

*

నందిగామ బస్సు చిల్లకల్లు దాటేసరికి ఆరయింది. రోడ్డు పక్కన చర్చి కనపడింది. గంట గూడు కింద ఏసురత్నం రెండు చేతులూ పైకెత్తి, కిందికి వంగి, మళ్లీ లేస్తున్నాడు. ఆయన పక్కన ఎవరూ లేరు. తర్వాత బావి వచ్చింది, దాని వెనక షెడ్డు. రెండూ వెళ్లిపోయాయి.

దశరథరామయ్య పుస్తకం తెరిచి కేసు ముగింపు రాశాడు. రోజారమణి పక్కనుంచి చూసింది.

“‘ఆరింటికి చర్చి గంట వినపడింది’ అని రాశారు. విన్నారా బాబాయ్ గారూ?”

ఆయన ఆలోచించాడు. చెవుల్లో గంట స్పష్టంగా, తియ్యగా మోగుతోంది. చుట్టూ ఇంజను మోత తప్ప ఇంకేమీ లేదు.

వినపడింది అన్న మాట కొట్టేసి, పైన చిన్నగా రాశాడు: తాడు లాగడం చూశాను.