పైగదాయన గొంతు మారింది

"ఎవడు వాడు? అసలు వాణ్ణి ఎవడు పెట్టుకున్నాడు?"

మంగళవారం పొద్దున తొమ్మిదింటికి చెవి ముక్కు గొంతు క్లినిక్ తలుపు తెరుచుకోగానే వినిపించిన మొదటి మాటలివి. అరిచింది పేషెంటు కాదు, అక్కడ పనిచేసే స్పీచ్ థెరపిస్ట్. గొంతు పాడైనవాళ్ళ చేత మళ్ళీ మాట్లాడించడం ఆ అమ్మాయి ఉద్యోగం. ఆమె గొంతుకి మాత్రం ఏ లోటూ లేదు. అందుకే క్లినిక్‌లో అందరూ ఆమెని సైరన్ అంటారు. మొదట్లో చాటుగా అనేవాళ్ళు, ఇప్పుడు ఎదురుగానే అంటున్నారు.

"పొద్దున్నే ఎవరి మీదే?" అంది రిసెప్షన్‌లో కూర్చున్న అత్తయ్య. క్లినిక్ నడిపే డాక్టరు సైరన్‌కి మేనమామ. ఆయన భార్యే ఈ అత్తయ్య. అపాయింట్‌మెంట్ల పుస్తకం, మందుల అలమర తాళాలు, సైరన్‌ని చల్లార్చడం, ఈ మూడూ ఆవిడ బాధ్యతలు.

"నిన్నటి ఎపిసోడ్ చూళ్ళేదా అత్తయ్యా?"

"చూశానే. కాకపోతే వంటింట్లోకీ హాల్లోకీ తిరుగుతూ..."

"పైగదాయన గొంతు మార్చేశారు! నీకు తెలియనే లేదా?"

సీరియల్ పేరు ‘పైగదిలో అతను’. కింద వాటాలో బట్టలు కుట్టుకునే అమ్మాయి ఉంటుంది. పై గదిలో ఎప్పుడో చనిపోయిన మనిషి ఉంటాడు. ఆయన తెర మీద కనిపించడు. కుర్చీ కదులుతుంది, కిటికీ తెరుచుకుంటుంది, మాట వినిపిస్తుంది. అంతే. బొంగురుగా, సగం ఊపిరితో, మన చెవి పక్కనే నిలబడి చెబుతున్నట్టుండే మాట. ఆ మాట కోసం సైరన్ మూడేళ్ళుగా సాయంత్రం ఏడింటికి ఎవరికీ దొరకదు. ప్రాణ స్నేహితురాలి పెళ్ళి విందులోంచి సగం ప్లేటు వదిలేసి వచ్చిన ఘనత ఆమెది.

"మొహం లేని హీరో అత్తయ్యా! వాడికున్నదల్లా గొంతు ఒక్కటే. ఆ ఒక్కటీ పీకేసి ఇంకెవడిదో తగిలిస్తారా? ఆ కొత్తవాడు దెయ్యంలా లేడు, బస్ స్టాండ్‌లో అనౌన్స్‌మెంట్ చేస్తున్నట్టున్నాడు."

"పాతతను ఎందుకు మానేశాడో ఏమో."

"ఎందుకేమిటి? సినిమా ఛాన్స్ తగిలుంటుంది. చెప్పా పెట్టకుండా ఎగిరిపోయాడు. మూడేళ్ళు వాణ్ణి నమ్ముకున్న జనం ఏమైపోతే వాడికేం? దొరకాలిగానీ, ఆ గొంతు పట్టుకుని..."

"కాస్త మెల్లిగా! పేషెంట్ కూర్చున్నారు."

మూలనున్న కుర్చీలో ఒక యువకుడు ఉన్నాడు. ఒళ్ళో ఫైలు, చేతిలో చిన్న తెల్లబోర్డు, పెన్ను. మాట్లాడకూడదని డాక్టరు చెప్పినవాళ్ళంతా అలాంటి బోర్డుతోనే వస్తారు. అతను తన గొంతు మీద చెయ్యి పెట్టుకుని సైరన్‌నే చూస్తున్నాడు. పాపం, గొంతు నొప్పేమో అనుకుంది సైరన్.

లోపల గదిలో ఫైలు తెరిచింది. స్వరతంతువుల మీద వాపు, రెండు చిన్న బుడిపెలు.

"ఏం పని చేస్తుంటారు?"

అతను బోర్డు మీద ఏదో అక్షరం రాశాడు. ఒక్క క్షణం ఆమె మొహంలోకి చూశాడు. చెరిపేసి ‘టీచర్’ అని రాశాడు.

"అదీ సంగతి. క్లాసులో అరుస్తారా?"

‘మీ అంత కాదు.’

సైరన్‌కి చర్రున కోపం వచ్చింది. అయినా పేషెంటు కదా అని దిగమింగుకుంది. "చూడండి మాస్టారూ. వారం రోజులు పూర్తిగా మౌనం. గుసగుసలు కూడా వద్దు. గుసగుసగా మాట్లాడితే గొంతుకి విశ్రాంతి అనుకుంటారు చాలామంది. మీలాంటి గొంతుకి మామూలు మాట కన్నా అదే ఎక్కువ చేటు."

అతను తలూపి మళ్ళీ రాశాడు. ‘మీరు తిట్టిన మనిషికి ఏదైనా కష్టం వచ్చిందేమో.’

"కష్టం వస్తే నోరు విప్పి చెప్పాలి. అయినా మీకెందుకు? మీరూ ఆ సీరియల్ చూస్తారా?"

‘చూడను. వింటాను.’

ఆ జవాబు ఆమెకి నచ్చింది. నచ్చినందుకు ఇంకాస్త చిరాకేసింది.

మౌనం వారం గడిచింది. తర్వాత రోజూ పదింటికి సెషన్. గ్లాసులో నీళ్ళు పోసి, స్ట్రాతో బుడగలు ఊదుతూ ‘ఊ’ అనాలి. పెదాలు మూసుకుని మెల్లిగా రాగం తియ్యాలి. పొట్ట దాకా ఊపిరి తీసుకుని ఒక్కో మాటా అనాలి. ఈ మధ్యలోనే ముందురోజు ఎపిసోడ్ మీద యుద్ధం కూడా నడిచేది.

"ఆ టైలరమ్మాయికి బుద్ధుందా? గొంతు మారిన సంగతి కూడా కనిపెట్టలేదు!" అనేది సైరన్.

"మీరు కనిపెట్టారుగా. ఆయనకి అది చాలు," అనేవాడు మాస్టారు.

"మీరు ఆయన తరఫు లాయరా?"

"బుడగలు ఊదమంటారా, జవాబు చెప్పమంటారా?"

అతని గొంతు మామూలుగా ఉండేది. కొంచెం పల్చన, కొంచెం నెమ్మది. ఆ గొంతుతో అతను ‘రేపు వస్తాను’ అని చెప్పి వెళ్ళాక సైరన్‌కి పదకొండింటి పేషెంటు పేరు గుర్తొచ్చేది కాదు. ఇది తనకే నచ్చక అత్తయ్య మీద అరిచేది.

మూడో వారం మావయ్య కెమెరా పెట్టి అతని గొంతు చూశాడు. బయటికొచ్చి కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. "తగ్గాల్సింది పోయి మళ్ళీ వాచింది. ఇతను ఇంటిదగ్గర ఏదో చేస్తున్నాడమ్మా."

సైరన్ అతన్ని నిలదీసింది. "క్లాసులో అరిచారా?"

"లేదు."

"మరి?"

అతను కిటికీ వైపు చూశాడు. ఆమె మందులచీటీ గట్టిగా అతని చేతిలో పెట్టి పంపేసింది.

అయిదు నిమిషాల తర్వాత, ఫైలు ఇక్కడే మర్చిపోయాడని చూసి, అది పట్టుకుని మెట్లవైపు పరుగెత్తింది. సగం దిగేసరికి కాళ్ళు ఆగిపోయాయి.

"కిటికీ మూయకు. నేను వెళ్ళిన సంగతి గాలికి కూడా తెలియాలి కదా..."

పైగదాయన! అదే బొంగురు, అదే సగం ఊపిరి. మూడేళ్ళు తను చెవులప్పగించి విన్న గొంతు కింద మెట్ల మలుపులోంచి వస్తోంది. సైరన్‌కి ఒళ్ళంతా సంతోషంతో ఝల్లుమంది. రెండేసి మెట్లు దూకుతూ దిగింది.

మలుపులో మాస్టారు కూర్చుని ఉన్నాడు. మోకాళ్ళ మీద డైలాగు కాగితాలు. మాట అయ్యాక గొంతు పట్టుకుని, నొప్పికి కళ్ళు మూసుకున్నాడు.

"మీరా?"

అతను ఉలిక్కిపడి లేచాడు. దాచడానికి ఇక ఏమీ లేదు. "నేనే. గొంతు పట్టుకుంటానన్నారుగా. పట్టుకోండి."

సైరన్ ఫైలు విసిరికొట్టింది. కాగితాలు మెట్లంతా పరుచుకున్నాయి.

"అబద్ధం! మూడు వారాలు! నేను ఎవరికో వైద్యం చేస్తూ కూర్చున్నానా? టీచరు గొంతుకి ఒక పద్ధతి, మీ పనికి ఇంకో పద్ధతి. ఏ పని చేస్తారో చెప్పకపోతే నేనేం బాగుచేసేది?"

"మొదటిరోజు మీరు తిట్టిన తిట్లకి ఎవడు చెబుతాడండీ నిజం?"

"చెప్పాలి! బోర్డు ఉందిగా చేతిలో!" అని అరిచి, ఒక్కసారిగా మెట్టు మీద కూలబడింది. అసలు కోపం ఎవరి మీదో అప్పుడు తెలిసింది. "ఆ బొంగురు... అది నటన కాదు. వాపు. రోజురోజుకీ పెరిగిన వాపు. నేను రోజూ విన్నాను. గొంతులు వినడమే నా ఉద్యోగం. జబ్బు గొంతు వింటూ, అబ్బ ఎంత బాగుందో అనుకున్నాను. నా చదువు తగలెయ్య!"

అతను కాగితాలన్నీ ఏరుకున్నాడు. తర్వాత అన్నాడు. "వచ్చే నెల చివరి ఎపిసోడ్. రికార్డింగ్ ఇంకో పది రోజుల్లో. గొంతు బాగుందని మీరు సంతకం పెడితే నన్నే చెప్పనిస్తామన్నారు సీరియల్ వాళ్ళు. ఒక్కరోజు. తర్వాత మీరు ఏం చెప్తే అది చేస్తాను."

"పెట్టను."

"మీరు ఆయన అభిమాని కదా!"

"అందుకే ఒళ్ళు మండిపోతోంది! చివరి ఎపిసోడ్ ఆ అనౌన్స్‌మెంటువాడు చెబితే నేను టీవీ కట్టేస్తాను. ఏడుస్తాను. వారం రోజులు అన్నం తినను. అయినా సంతకం పెట్టను. ఈసారి చిరిగితే ఇక రాదు మీ గొంతు. అర్థమవుతోందా? ఏ గొంతూ రాదు!"

"పోనీండి!" అతను మొదటిసారి కోపంగా అన్నాడు. "ఆ గొంతు తీసేస్తే నా దగ్గర ఏముంది? ఇదిగో, ఈ మామూలు గొంతు. దీనితో పిలిస్తే ఆటోవాడు కూడా ఆగడు. ఇది ఎవరిక్కావాలి?"

"నాక్కావాలి!"

ఆ మాట నాలుగంతస్తుల మెట్లలో మోగింది. ఇద్దరూ బిత్తరపోయారు.

"పేషెంట్‌గా," అంది సైరన్, చెవులు ఎర్రబడి. "పేషెంట్‌గా అంటున్నాను!"

"మీకు పేషెంట్లకేం కొదవ," అని కాగితాలు చంకలో పెట్టుకుని అతను దిగిపోయాడు.

మర్నాడు పదింటికి రాలేదు. ఆ మర్నాడూ రాలేదు.

పదింటి సెషన్ ఖాళీ. ఆ గంటలో సైరన్ నీళ్ళ కుళాయిని తిట్టింది, స్ట్రాల డబ్బాని తిట్టింది, మావయ్య రాతని తిట్టింది. "అతని మీద కోపం నా మీద తీర్చుకుంటావేమిటే? ఫోన్ చెయ్యి," అన్నాడు మావయ్య. "నేనెందుకు చెయ్యాలి? గొంతు అతనిది!" అంది. రోజుకి నాలుగుసార్లు నంబరు తీసింది, నాలుగుసార్లు పెట్టేసింది. ఇంకెక్కడో, ఇంకెవరి చేతో సంతకం పెట్టించుకుని ఈపాటికి స్టూడియోలో ఆ గొంతుని చీల్చుకుంటున్నాడేమో. ప్రేమించిన మనిషి మీద ఇంత కోపం వస్తుందని ఆమెకి ఎవరూ చెప్పలేదు. ప్రేమించానన్న సంగతి కూడా ఆ కోపంలోనే తెలిసింది.

ఇలాగే నెల తిరిగింది. చివరి ఎపిసోడ్ రోజు సాయంత్రం క్లినిక్ మూసే వేళకి అత్తయ్య వెయిటింగ్ హాల్లో టీవీ పెట్టింది. చెవిపోటుకి వచ్చిన ఒక పెద్దావిడ, అది చూసే వెళ్తానని కూర్చుంది. ఏడు కావస్తుండగా తలుపు తెరుచుకుంది.

మాస్టారు. వచ్చి, సైరన్ పక్కన ఒక కుర్చీ వదిలి కూర్చున్నాడు.

"సెషన్ పొద్దున పదింటికి. సాయంత్రం ఏడింటికి కాదు," అంది టీవీ వైపే చూస్తూ.

అతను తలూపాడు.

"నోరు విప్పండి. ఏం చేసి వచ్చారో వినాలి."

అతను టీవీ చూపించాడు. అంటే ఆ గొంతుతోనే చెప్పి వచ్చాడన్నమాట, అనుకుంది సైరన్.

ఎపిసోడ్ మొదలైంది. ఇల్లు ఖాళీ చేస్తున్నారు. టైలరమ్మాయి కుట్టుమిషను కట్టేసి, పై గదిలోకి వచ్చి నిలబడింది. "వెళ్ళే ముందు ఒక్కసారి, బతికున్నప్పుడు ఎలా మాట్లాడేవాడివో అలా మాట్లాడు. ఆ దెయ్యం గొంతు వద్దు. నీ గొంతు."

కుర్చీ కదలడం ఆగింది.

"నాకు పెద్ద గొంతేం లేదు," అన్నాడు పైగదాయన. "ఇంతే. ఇలాగే ఉండేది. విని పెదవి విరుస్తావని భయపడ్డాను."

కొంచెం పల్చన, కొంచెం నెమ్మది. పొట్ట దాకా తీసుకున్న నిండు ఊపిరి. ఎక్కడా జీర లేదు. చెవిపోటు పెద్దావిడ ముక్కు చీదింది. అత్తయ్య బాహాటంగానే ఏడ్చింది. సైరన్ పళ్ళు బిగించుకుని ఏడ్చింది.

"ఆ సీను ఎవరు రాశారు?" అంది చివరికి.

"అడిగి రాయించుకున్నాను. డైరెక్టర్ గారు మూడు రోజులు నాతో మాట్లాడలేదు. రికార్డింగ్‌కి ముందు డాక్టర్ గారికే గొంతు చూపించాను. ఆయనే సంతకం పెట్టారు."

సైరన్ విసురుగా తిరిగింది. మావయ్య తన గది గుమ్మంలోంచి మెల్లిగా లోపలికి జరిగాడు. "నాతో ఒక్క ముక్క చెప్పలేదు! ఇద్దరూ కలిసి..."

ఇంతలో ఆమె ఫోన్ మోత మొదలైంది. సీరియల్ అభిమానుల గ్రూపు. ‘చివరి రోజు ఇంత మోసమా?’ ‘ఇదేం గొంతు, బ్యాంక్ క్లర్కులా ఉన్నాడు!’ ‘మా పైగదాయన్ని మాకిచ్చెయ్యండి!’

"వీళ్ళకి చెవులున్నాయా అసలు?" సైరన్ రెండు చేతులా టైపు చెయ్యడం మొదలుపెట్టింది. ‘మీకు మనిషి కావాలా, ఆ మనిషి గొంతు కోసుకోవడం కావాలా?’ పంపింది. ‘బ్యాంక్ క్లర్కు మనిషి కాదా?’ అదీ పంపింది. నలభై మందితో ఒక్కత్తే తలపడుతోంది. జుట్టు మొహం మీద పడుతున్నా తోసుకోవడం లేదు.

మాస్టారు మధ్య కుర్చీలోకి జరిగాడు. ఆమె చెవి దగ్గరికి వంగి ఏదో అన్నాడు.

సైరన్ ఫోన్ పక్కన పడేసి లేచి నిలబడింది. "గుసగుసా? మళ్ళీ గుసగుసా? నెల రోజుల కష్టం ఒక్క నిమిషంలో నాశనం చేస్తారా? ఏం చెప్పాలన్నా మామూలుగా చెప్పి చావండి!"

అతనూ లేచాడు. అత్తయ్యని చూశాడు, పెద్దావిడని చూశాడు. నిండుగా ఊపిరి తీసుకున్నాడు.

"మీరంటే నాకు ప్రేమ. పెళ్ళి చేసుకుందామా అని అడుగుతున్నాను."

మావయ్య గుమ్మంలోకి వచ్చి, చెవి ఒగ్గి విన్నట్టు తల వంచాడు. "గొంతు శుభ్రంగా ఉంది. నాకేం అభ్యంతరం లేదు."

"నువ్వు ఊరుకో మావయ్యా!" అంది సైరన్. కళ్ళు తుడుచుకుని అతని వైపు తిరిగింది. "నెల రోజులు మాయమైన మనిషి వచ్చి పెళ్ళంటాడు! రేపు పొద్దున పదింటికి సెషన్‌కి రాకపోయారో చూడండి."

"వస్తే?"

"వస్తే సెషన్ అయ్యాక మా ఇంటికెళ్ళి మా నాన్నని అడుగుదురుగాని. ఆయనకి కాస్త చెవుడు. ఇప్పుడు చెప్పినంత గట్టిగా చెప్పాలి."