ఐసు ఫ్యాక్టరీలో పిలుపు

పొద్దుగూకినాక ఆ ఐసు ఫ్యాక్టరీ పక్కన పోబాకండి. పోయినా, ఎవురన్నా పిలిస్తే పలకబాకండి. పలికినా... లోపలికి మాత్రం అడుగు పెట్టబాకండి.

ముత్తుకూరుకి అవతల, సముద్రాన్ని ఆనుకొని ఉండే ఆ పాలెంలో ఇప్పుడు పాలుతాగే పిల్లోళ్ళకి తప్ప అందరికీ ఈ మాట తెలుసు. ఒకప్పుడు చేపల కోసం ఐసు చేసిన ఫ్యాక్టరీ అది. మూతబడి శానా కాలమైంది. చుట్టూ సర్కారు తుమ్మ. పైరేకులు సగం తుపానుకి లేచిపోయినాయి. లోపల ఐసుగడ్డలు కట్టే సిమెంటు తొట్టి ఒకటి, నిలువెత్తు లోతు. అందులో ఎవుడో పడి సచ్చినాడని చెప్తారు. నన్నడిగితే అది ఉత్తదే. మూతబడిన తొట్టి కనపడితే చాలు, అందులో ఒకణ్ణి పడేసిందాకా మనోళ్ళకి నిద్ర పట్టదు.

చెంగయ్య చెప్పింది మాత్రం ఉత్తది కాదు. ముసురులో కూడా ఒంటరిగా వేటకి పోయే మనిషి, ఊరికే బెదిరే రకం కాదు.

ఆ పూట చెంగయ్య వల భుజానేసుకొని ఆ దోవన వస్తా ఉన్నాడు. చీకటి పడింది. గాలి ఆగిపోయింది. అడ్డదోవని ఫ్యాక్టరీ గేటు దాటి తొట్టి కాడికి వచ్చినాడో లేదో —

"అమా..."

ఆడపిల్ల గొంతు. బడి నుంచి ఇంటికొచ్చి, వాకిట్లోనించే అన్నం పెట్టమని కేకేసే పిలుపు.

ఎవురి బిడ్డో దోవ తప్పిందనుకున్నాడు పాపం. "ఎవురు పాపా?" అని ఇంకో రెండడుగులు లోపలికేసినాడు. మళ్ళా అదే పిలుపు. దాని వెనకాలే... నవ్వు. కిసుక్కున.

ఆ నవ్వు చెంగయ్యకి తెలుసు. వల ఆడే పారేసి ఉరికినోడు, ఇంటికాడ చెంబుడు నీళ్ళు తాగిందాకా నోరు విప్పలా.

"ఆనందకుమారక్క కూతురు... ఏంజెలిన్ పాపే," అన్నాడు.

ఏంజెలిన్ చచ్చిపోయి అప్పటికి ఏడాది దాటింది. డెంగ్యూ జ్వరం. నెల్లూరు ఆసుపత్రికి తీసకపోయినారు గానీ, తిరిగి తెచ్చింది శవాన్ని.

చెంగయ్య తర్వాత ఇంకొకరు విన్నారు. ఆ తర్వాత ఇంకొకరు. ఆ నెలల్లోనే రొయ్యల గుంటల కాడ మోటార్లు మాయమవుతా ఉన్నాయి. ఊరోళ్ళు అది కూడా దెయ్యం పనే అన్నారు. దెయ్యానికి మోటారెందుకయ్యా అని ఒక్కడన్నా అడిగితే ఒట్టు.

ఈ మాటలన్నీ పోయి పోయి ఆనందకుమారి చెవిన పడినాయి. ఆమె ఏడవలా. ఆదివారం చర్చికి పోవడం మానేసింది. కొడుకు హెబ్రోను ఏమని అడిగితే, గోడకేసి చూస్తా ఒకటే మాట.

"పాప ప్రభువు దగ్గర ఉందని పాస్టరుగారు చెప్పినారు కదా నాయినా. మరి ఐసు ఫ్యాక్టరీలో ఎందుకుంది? నన్నెందుకు పిలస్తా ఉంది?"

తల్లికి బిడ్డ పోయిన దుఃఖం ఒకటి. పోయిన బిడ్డ ఎక్కడికీ చేరలేదన్న దుఃఖం ఇంకొకటి. మొదటిదాన్ని ఆమె ఎట్లనో మింగింది. రెండోది ఆమెనే మింగతా ఉంది. సందకాడ లాంతరు పట్టుకొని గుమ్మం దాటబోతే, హెబ్రోను ఒకటికి రెండుసార్లు చెయ్యి పట్టి వెనక్కి లాక్కొచ్చినాడు.

హెబ్రోను చేసే పనేందో చెప్తే గాని ఈ కథ నడవదు. అతను మ్యూజిక్ కంట్రోలర్లు కడతాడు. నవ్వబాకండి, మొదట నేను కూడా టీవీ రిమోట్ అనుకున్నా. బటన్లు, తిప్పే నాబులు, కిందకీ పైకీ జరిపే మీటలు ఉండే డబ్బా అది. కంప్యూటరుకి తగిలించి బటన్ నొక్కితే తబలా పలుకుద్ది, మీట జరిపితే వయొలిన్ లేస్తది. షాపులో కొనాలంటే మనబోటోళ్ళ వల్ల కాదు. హెబ్రోను సొంతంగా కట్టి చుట్టుపక్కల చర్చిల్లో వాయించేవాళ్ళకి ఇచ్చేవాడు.

సామాను తెచ్చేది రాజ్ కుమార్. ఇద్దరూ ఒకే కంచంలో తిని పెరిగినోళ్ళు. పాత సామాన్లు కొని అమ్మే పని అతనిది. కాలిపోయిన సౌండ్ మిక్సర్లలో మీటలు, మూతబడిన వీడియోగేముల షాపులో బటన్లు, తాతల కాలం రేడియోల నాబులు... హెబ్రోను నోట మాట రావడం ఆలస్యం, నెల్లూరు చెన్నై గాలించి పట్టుకొచ్చేవాడు. ఆనందకుమారి అతన్ని పెద్దకొడుకనే చెప్పేది. మంచి కూర వండితే అతనికి గిన్నెలో తీసిపెట్టకుండా ఎవురికీ వడ్డించేది కాదు.

సముద్రం పక్కన ఎలక్ట్రానిక్ పనంటే ఉప్పుగాలితో రోజూ కొట్లాటే. సోల్డరింగ్ చేసిన అతుకు నాలుగు రోజులకే పచ్చగా చిలుము పట్టుద్ది. అందుకని హెబ్రోను ప్రతి అతుకు మీదా నెయిల్ పాలిష్ పూసేవాడు. ఆరినాక ఇంక గాలి దూరదు. ఆ సీసా ఏంజెలిన్‌ది. క్రిస్మస్ స్టారు చేయగా మిగిలిన వెండి మెరుపుల పొడిని ఎర్ర రంగులో కలిపి పాప సొంతంగా చేసుకుంది. ఏ అంగట్లోనూ దొరకని రంగు.

"నా గోళ్ళకి పెట్టుకోనీకుండా నీ వైర్లకి సింగారం చేస్తావేందన్నా!" అని గొడవపడేది.

ఆ పిల్ల కోసం ఒక డబ్బా ప్రత్యేకంగా కట్టినాడు. కంప్యూటరుతో పన్లేకుండా లోపలే మెమరీ కార్డు, చిన్న స్పీకరు పెట్టినాడు. బటన్లకి పాప గొంతే ఎక్కించినాడు. ఒకటి నొక్కితే రాగం, ఒకటి నొక్కితే నవ్వు. మూడో బటన్ నొక్కితే, "అమా!"

ఆ మూడో బటన్‌కి ఒక జబ్బు. ప్రోగ్రాంలో ఎక్కడో తప్పు దొర్లి, ఒకసారి నొక్కితే రెండుసార్లు పలికేది, మొదటిది సగంలో తెగిపోయి. "అమ్... అమా!" హెబ్రోను సరిచేస్తానంటే పాప ఒప్పుకోలా. "ఉండనీన్నా, నీ డబ్బాకి నత్తి బాగుంది," అని పడీపడీ నవ్వింది.

పాప పోయింది. నెయిల్ పాలిష్ సీసా కూడా పాపతోనే పోయింది. శవపెట్టెలో చేతి పక్కన పెట్టి పూడ్చినారు. ఇంక మిగిలింది ఆ డబ్బా. స్పీకరు మార్పించుకొస్తానని రాజ్ కుమార్ దాన్ని నెల్లూరు తీసకపోయినాడు. తిరిగొచ్చి, కరిగి మసైపోయిన ముద్దనొకదాన్ని హెబ్రోను చేతిలో పెట్టి బావురుమన్నాడు.

"బ్యాటరీ పేలిపోయిందిరా హెబ్రోనూ... పాప గొంతు నా చేతుల్లోనే కాలిపోయింది రా!"

ఎవురి డబ్బా చెడిపోయినా విప్పి, పనికొచ్చే స్క్రూ దాకా ఏరుకొనే మనిషి హెబ్రోను. ఆ ఒక్కదాన్ని మాత్రం విప్పలా. చేతులాడలా. గుడ్డలో చుట్టి బైబిలు పక్కన పెట్టినాడు. పైపెచ్చు ఏడస్తా ఉన్న స్నేహితుణ్ణి తనే ఓదార్చినాడు.

ఇంక అసలు సంగతి జరిగిన శనివారం. ఆనందకుమారి రెండు పూటలా అన్నం ముట్టలేదు. "ఈ రాత్రి పోతా. బిడ్డ పిలస్తంటే ఇంట్లో ఎట్లా కూర్చునేది?" అనింది.

"నేను పోతా మా. పాప ఉంటే నేనే తీసకొస్తా," అన్నాడు హెబ్రోను.

రాజ్ కుమార్‌తో చెప్తే రెండు చేతులూ అడ్డం పెట్టినాడు. "పోబాకరా. నేను విన్నా ఆ గొంతు. చూసినోళ్ళు బతకరంట." అందుకని హెబ్రోను అతనితో నెల్లూరుకి బటన్ల కోసం పోతున్నానని అబద్ధం చెప్పి, చీకటి పడతానే ఐసు ఫ్యాక్టరీ దోవ పట్టినాడు.

దూరంగా కరెంటు ఫ్యాక్టరీ చిమ్నీల మీద ఎర్రలైట్లు. సముద్రం హోరు. ఇంకేమీ లేదు. కాళ్ళ కింద ఎండుపీతల డిప్పలు చిట్లతా ఉంటే, ఆ చప్పుడుకే గుండె నోట్లోకొచ్చింది.

గేటు దాటినాడు. ఏమీ లేదు.

తొట్టి కాడికి వచ్చినాడు... ఏమీ లేదు. ఊపిరి వదిలి, ఇంకొక్క అడుగు —

"అమ్... అమా!"

ఒళ్ళంతా జల్లుమనింది. చెల్లెలే. అచ్చంగా చెల్లెలే! ఆడే కూలబడినాడు. "పాపా..." అన్నాడు. "పాపా, నేనే... అన్నని."

జవాబుగా నవ్వు, కిసుక్కున. లేవబోతే మళ్ళా —

"అమ్... అమా!"

అప్పుడు తట్టింది. మొదటిది తెగింది. రెండోది నిండుగా పలికింది. ఇన్నాళ్ళూ బెదిరి ఉరికినోళ్ళు ఊళ్ళో చెప్పింది ఆ రెండోదాన్నే.

బతికున్నప్పుడు ఏంజెలిన్‌కి నత్తి లేదు. నత్తి ఉండింది డబ్బాకి.

ఫోను లైటు వేసినాడు. తొట్టి గోడలో ఇటుక ఊడిన సందు. చెయ్యి పెట్టి లాగితే వచ్చింది. అదే డబ్బా. ఎక్కడా కాలలా, మసి కూడా అంటలా. బటన్ల నుంచి రెండు వైర్లు కొత్తగా బయటికి లాగి ఉన్నాయి. వాటి చివర సెన్సరు, మనిషి కదిలితే పసిగట్టేది. ఎవురన్నా లోపలికొస్తే చాలు, తానే మూడో బటన్ నొక్కుద్ది, దాని తర్వాత నవ్వు బటన్.

డబ్బా కాలిపోలేదా? మరి ఇంట్లో బైబిలు పక్కనున్న ముద్ద ఏంది?

మూత విప్పినాడు. పాత అతుకుల మీద తను పూసిన రంగు, వెండి మెరుపులతో, ఎప్పటిదో. కొత్త అతుకుల మీదికి లైటు తిప్పినాడు.

వాటి మీదా అదే రంగు. అవే మెరుపులు. తాజాగా, తడి ఆరినట్టే లేకుండా నిగనిగలాడతా ఉంది.

ఈసారి నిజంగా పై ప్రాణం పైనే పోయింది. ఆ సీసా భూమిలో ఉంది. సమాధిలో, పాప చేతి పక్కన. లోకంలో ఇంకొకటి లేదు. మరి ఎవురు పూసినారు? పూసింది... ఎవురు?

సముద్రం హోరు కూడా వినపడలా అతనికి. పాపని పూడ్చిన నాటి సమాధుల దొడ్డి కళ్ళ ముందు నిలబడింది. సీసా తెచ్చినాడు గానీ చెల్లెలి మొహం చూడలేకపోయినాడు. పక్కకి తిరిగి, ఆ సీసాని ఇంకొకరి చేతిలో పెట్టినాడు. "పాప చేతికాడ పెట్టరా... నా వల్ల కాదు."

"పెట్టినాలే," అన్నాడు రాజ్ కుమార్, కళ్ళు తుడుచుకుంటా.

అతుకేసి రంగు పూయాలని రాజ్ కుమార్‌కి నేర్పింది హెబ్రోనే. చర్చి గేటు కాడ మనిషొస్తే లైటెలిగేటట్టు సెన్సరు ఎట్లా కలపాలని అతను అడిగితే, పక్కన కూర్చోబెట్టుకొని చెప్పింది కూడా హెబ్రోనే. ఇంట్లో ఉన్న మసిముద్ద కూడా వాడి పాత సామాన్లలో ఏదో కాల్చి తెచ్చిందే.

లేచి తొట్టి లోపలికి లైటు కొట్టినాడు. దాని నిండా విప్పేసిన మోటార్లు, చుట్టలు చుట్టలుగా రాగి తీగ. వాటికి కాపలా కుక్కని పెట్టలా వాడు. సమాధిలో ఉన్న పిల్లని పెట్టినాడు.

దెయ్యమే అయ్యుంటే బాగుండు అనిపించింది హెబ్రోనుకి. దెయ్యం మన ఇంట్లో అన్నం తినదు కదా. డబ్బాని చొక్కాలో చుట్టి గుండెకి ఆనించుకొని, దోవ పొడుగునా చిన్నపిల్లోడి మాదిరి ఏడ్చినాడు.

ఇంటికొచ్చేసరికి లోపల లైటు వెలగతా ఉంది. చాప మీద రాజ్ కుమార్. ముందర కంచం. ఆనందకుమారి, తను పొద్దున్నించీ మెతుకు ముట్టని మనిషి, అతనికి చేపల పులుసు వడ్డిస్తా ఉంది.

"నెల్లూరు పోలేదా నువ్వు?" అన్నాడు రాజ్ కుమార్, ముద్ద కలపతా.

హెబ్రోను చొక్కా మడత విప్పినాడు. డబ్బాని తల్లి ముందర పెట్టి, ఆమె వేలు పట్టుకొని మూడో బటన్ మీద ఆనించినాడు.

"అమ్... అమా!"

ఆమె గరిటె వదిలేసింది. ఇంకోసారి నొక్కింది. ఇంకోసారి. డబ్బాని ఒళ్ళోకి లాక్కొని, ఏడాదిగా దాచిన ఏడుపంతా ఏడ్చింది.

"ఐసు ఫ్యాక్టరీలో పిలిచింది ఇదే మా. పాప ఆడ లేదు. పాప ఎక్కడుండాల్నో అక్కడే ఉంది."

"స్తోత్రం తండ్రీ..." అని కళ్ళు మూసుకొనింది ఆనందకుమారి. కాసేపటికి తెరిచి, కొంగుతో మొహం తుడుచుకొని, డబ్బా మీద మెల్లిగా నిమిరింది. "కాలిపోయిందన్నారే ఇది! దీన్ని తీసకపోయి ఆడ పెట్టినోడు ఎవురు నాయినా?"

రాజ్ కుమార్ చెయ్యి కంచంలోనే ఆగిపోయింది.

హెబ్రోను కింద పడిన గరిటె తీసి, పులుసు ముంచి, అతని కంచంలో పోసినాడు.

"వాణ్ణి తిననీ మా," అన్నాడు. "నీ చేత్తో పెట్టిన అన్నం ఇంక దొరకదు వాడికి. తిన్నాక వాడే చెప్తాడు."