ఎడమకు నడిచిన టేబుల్

తెలుగువాళ్లు వలస వెళ్లి స్థిరపడ్డ రైల్వే ఊళ్లో, ఝపటాపూర్ పేటలోని డిటెక్టివ్ ఎవాంజలిన్ ఆఫీసు మెట్లు ఎక్కి వచ్చేసరికి అప్పలనర్సమ్మ నుదుటి మీద రక్తం ఇంకా ఆరలేదు. గుమ్మంలోనే కూలబడింది. సహాయకుడు హరిబాబు పరుగున వెళ్లి కుర్చీలో కూర్చోబెట్టి, మంచినీళ్లు ఇచ్చి, ఆ తర్వాత ఏం చెయ్యాలో తోచక చేతులు నలుపుకుంటూ నిలబడ్డాడు. పదేళ్లు పార్సిల్ గుమాస్తాగా మూటలు లెక్కపెట్టిన మనిషికి రక్తం చూడటం అలవాటు లేదు. ఎవాంజలిన్ దగ్గర చేరి రెండేళ్లయినా ఆ అలవాటు రాలేదు, ఆమె మీద భక్తి మాత్రం రోజురోజుకీ పెరుగుతోంది.

"తల్లీ, మా ఇంటాయన్ని సంపేత్తారు," అంది అప్పలనర్సమ్మ. "నిన్న జనం రోడ్డు మీద పడేసి కొట్టినారు. సేతి యేళ్లు బూట్లతో తొక్కి ఇరగ్గొట్టినారు. ఇయ్యాల పొద్దున్నే మా ఇంటి మీద రాళ్లేసినారు. ఇల్లు తగలెడతామంటన్నారు."

"మీ ఆయన ఎవరమ్మా? ఏటి సేసినాడని కొట్టినారు?" ఎవాంజలిన్ నెమ్మదిగా అడిగింది.

ఏడుపు మధ్య బయటపడిన కథ ఇది. ఆమె భర్త దేముడు, అతని స్నేహితుడు గణపతిరావు రైల్వే వర్క్‌షాపులో నలభై ఏళ్లు పక్కపక్కన పనిచేశారు. రిటైరయ్యాక ఇద్దరూ సాలువా రోడ్డులో ఉమాశంకర్ అనే ఆయన షెడ్డులో ఇనుము కోసే పాత మిల్లింగ్ మిషన్ మీద కుదిరారు. సోమవారం ఇద్దరికీ పెద్ద గొడవైంది. "నోరు మూసుకోరా గణపతీ, లేకపోతే నేనే మూయిత్తాను!" అని దేముడు అరవడం షెడ్డంతా విన్నది. మంగళవారం మధ్యాహ్నం భోజనాల వేళ గణపతిరావు ఆ మిషన్ మీదే చచ్చిపడి ఉన్నాడు. కుడిచెయ్యి మోచేతి దాకా కట్టర్‌లో నలిగిపోయింది. మొదట అందరూ ప్రమాదం అనుకున్నారు. డాక్టరు తల వెనక రెండు దెబ్బలు చూపించాక హత్య అని తేలింది. శవాన్ని మిషన్‌లోంచి బయటికి లాగింది దేముడే కాబట్టి అతని చొక్కా నిండా రక్తం ఉంది. ఇక జనానికి కోర్టులెందుకు?

"ఆయన సెయ్యలేదు తల్లీ. సేసుంటే నాకు తెలవదా?"

నలభై ఏళ్లు కాపురం చేసిన ఆడదాని మాట సాక్ష్యంగా పనికిరాదని ఎవాంజలిన్‌కు తెలుసు. రైల్వే పోలీసులో ఇరవై ఏళ్లు పనిచేసి వచ్చిన మనిషి ఆవిడ. అయినా పర్సు భుజాన వేసుకుని లేచింది.

ఆసుపత్రిలో దేముడి మంచం పక్కన కానిస్టేబుల్ కూర్చుని ఉన్నాడు. దేముడి ముఖం వాచి ఒక కన్ను మూసుకుపోయింది. కుడిచేతికి మోచేతి వరకు పిండికట్టు. అతని స్థితి చూస్తే హరిబాబుకు జనం మీద ఒళ్లు మండింది.

"గణపతిరావుని ఎందుకు తిట్టినావు అన్నా?" అని అడిగింది ఎవాంజలిన్.

దేముడు గోడ వైపు తిరిగాడు. "అది ఆడికీ నాకూ మజ్జినున్న మాట. అది సెప్తే ఆడి సావుకి నేనే కారణం అవుతాను."

"ఇది నీ మెడకు ఉరితాడు అన్నా."

"పడనీండి," అన్నాడు. ఎడమచేత్తో దుప్పటి ముఖం మీదికి లాక్కున్నాడు. బయటకు వచ్చాక హరిబాబు మెల్లగా, "మేడమ్, ఈయనే చేశాడేమో," అన్నాడు. ఎవాంజలిన్ షెడ్డు వైపు దారి తీసింది.

షెడ్డులో మిషన్‌ను పోలీసులు తాడు కట్టి అలాగే ఉంచారు. ఎస్సై మాయితి ఎవాంజలిన్‌కు పాత పరిచయం, లోపలికి రానిచ్చాడు. మిషన్ మీద రక్తం నల్లగా గడ్డకట్టి ఉంది. కట్టర్ పళ్ల మధ్య ఖాకీ చొక్కా చేతి గుడ్డ, దానికి అంటుకుని ఇంకా ఏవో ముక్కలు. హరిబాబు కిటికీ వైపు చూశాడు.

"ఇటు చూడవయ్యా, నేర్చుకో," అంది ఎవాంజలిన్. ఆమె తండ్రి ఆమోసు వర్క్‌షాపులో మిల్లింగ్ పనివాడే. "లేత్ మిషన్ మీద జాబ్, అంటే కొయ్యాల్సిన ఇనుము, తిరుగుతాది, పనిముట్టు కదలకుండా ఉంటాది. మిల్లింగ్‌లో అంతా రివర్స్. ఈ పళ్ల చక్రం, అదే కట్టరు, ఉన్నచోటే తిరుగుతాది. జాబ్‌ని ఈ వైస్‌లో బిగించి, టేబుల్‌ని, అంటే వైస్ ఉన్న ఈ బల్లని, కట్టర్ కిందికి నడిపిస్తారు. పన్ను పన్నుకీ కొంచెం కొంచెం ఇనుము లేచిపోతాది. టేబుల్ కుడికి నడవాలా, ఎడమకి నడవాలా అన్నది ఈ ఫీడు లివర్ చెప్తాది."

లివర్ ఎడమ వైపు పడి ఉంది. వైస్‌లో సగం కోసిన ఇనుప దిమ్మ వంకరగా జరిగి ఉంది. కోత మొదలైన చోట మాత్రం ఎవరో కొరికినట్టు లోతైన గుంట. కట్టర్‌కి రెండు పళ్లు విరిగాయి. ఎవాంజలిన్ టేబుల్ తిప్పే చక్రాన్ని పట్టుకుని అటూ ఇటూ ఆడించింది. పావు చుట్టు తిరిగినా టేబుల్ కదల్లేదు.

"టేబుల్‌ని నడిపే స్క్రూ అరిగిపోయింది. ఎంత లూజో చూడు," అంది. "మాయితి బాబూ, ఈ లివర్‌ని ఎవరైనా ముట్టుకున్నారా?"

"లేదు. దేముడు మెయిన్ స్విచ్ తీసి శవాన్ని లాగాడు, అంతే. ఫొటోలు కూడా ఇలాగే ఉన్నాయి."

ఆమె మొదట షెడ్డు యజమానిని పిలిచింది. ఉమాశంకర్ యాభై ఐదేళ్ల మనిషి. భయంతో చెమటలు కక్కుతున్నాడు.

"మీరు కూడా మిషన్ మీద పని చేసినవారేనా?"

"ఇరవై ఏళ్లు ఇలాంటి దాని మీదే అమ్మా. ఈ చేతుల్తోనే షెడ్డు పెట్టినాను."

"కొత్త జాబ్ పెడితే ఈ టేబుల్ని ఎటు నడిపిస్తారు? ఈ చాక్‌తో బాణం గీయండి."

ఆయన వింతగా చూసి, కుడి వైపు బాణం గీశాడు. హరిబాబు పుస్తకంలో రాసుకున్నాడు. ఎందుకో తెలియకపోయినా రాసుకోవడమే అతని పని.

తర్వాత ఉమాశంకర్ మేనల్లుడు కిరణ్‌కుమార్ వచ్చాడు. ఇరవై తొమ్మిదేళ్లు, ఇస్త్రీ చొక్కా. షెడ్డు రెండో చివర గాజు తలుపుల కొత్త కంప్యూటర్ మిషన్ అతనిది. తయారైన సరుకు పరీక్ష చేసి ముద్ర వెయ్యడం కూడా అతని పనే.

"భోజనాల టైములో ఎక్కడున్నావు?"

"నా మిషన్ దగ్గరే దీదీ. జాబ్ నడుస్తోంది, వొదిలి ఎలా వెళ్తాను? ఆ సౌండులో ఏటీ వినబడదు."

"ఈ పాత మిషన్ నీకు తెలుసా?"

అతను నవ్వాడు. "ఇది మ్యూజియంలో పెట్టాల్సింది. ఈ ముసలోళ్లు పనంతా ఉల్టాగా చేస్తారు. కట్టర్ ఎటు లాగితే జాబ్ అటే వెళ్తే ఫినిష్ అద్దంలా వస్తాది. కాలేజీలో మొదటి పాఠం అదే."

"అయితే నువ్వు టేబుల్ని ఎటు నడిపిస్తావు? బాణం గీయి."

కిరణ్‌కుమార్ చాక్ అందుకుని ఎడమకు బాణం గీశాడు, చివర్న చిన్న సున్నా కూడా చుట్టాడు. ఎవాంజలిన్ ఠీక్ హై అని పంపించేసింది. తర్వాత గణపతిరావు పనిముట్ల పెట్టె తెరిపించింది. అడుగున పళ్లు రాలిన పాత కట్టర్ ఒకటి, దాని పక్కన రెండుగా కోసిన బ్రాకెట్, క్రేన్‌కు బిగించే ఇనుప కొక్కెం లాంటిది, ఒకటి. బూడిద రంగు ఇనుము మధ్యలో వెండిలా మెరిసే మచ్చ ఉంది. ఆ మచ్చ మీద ఆమె ఆకురాయి పెట్టి గీసింది. ఆకురాయి జారింది తప్ప గీత పడలేదు.

మర్నాడు ఉదయం పదకొండింటికి అందరినీ షెడ్డులో కూర్చోబెట్టింది. ఉమాశంకర్, కిరణ్‌కుమార్, మాయితి, ఇద్దరు కానిస్టేబుళ్లు. స్టూలు మీద దేముడు, అతని వెనక అప్పలనర్సమ్మ. ఎదురుగా గణపతిరావు కూతురు మీనాకుమారి. ఆమె దేముడిని చూస్తున్న చూపుకు హరిబాబు తల దించుకున్నాడు. మంగళవారం రోడ్డు మీద "తొక్కండి ఆడి సెయ్యి!" అని అరిచింది ఆవిడే.

"దేముడన్నా, నీకు ఒకే ప్రశ్న," అంది ఎవాంజలిన్. "ఈ మిషన్ మీద టేబుల్ ఎటు నడిపిస్తావు?"

దేముడు ఆలోచించలేదు. కట్టు కట్టిన చెయ్యి కుడి వైపు లేచింది.

"హంతకుడు ఎడమకి నడిపినాడు," అంది ఎవాంజలిన్. "అందరూ వినండి. ఈ కట్టర్ పళ్లు కింద ఎడమకి లాగుతాయి. పాత మిషన్ మీద జాబ్ దానికి ఎదురు, అంటే కుడికి నడవాలి. స్క్రూలో లూజు ఎంత ఉన్నా అప్పుడు ఒకే పక్కకి ఆని ఉంటాది. అదే ఎడమకి నడిపితే కట్టరే జాబ్‌ని లాగేసుకుంటాది. లూజు ఉన్నంత మేరా టేబుల్ ఎగిరి పడతాది, జాబ్‌లో గుంట పడతాది, పళ్లు విరుగుతాయి. ఇక్కడ జరిగింది అదే. గణపతిరావుని వెనక నుంచి కొట్టి, ప్రమాదంలా కనబడాలని జాబ్ బిగించి, ఫీడు వేసి, ఆయన చెయ్యి కట్టర్ కింద పెట్టినారు. ఆ ఫీడు వేసినవాడు పాత మిషన్ మీద పని నేర్చినవాడు కాడు."

కిరణ్‌కుమార్ ముందుకు వంగాడు. "ముసలాయన కంగారులో తప్పు వైపు వేసి ఉండొచ్చు కదా?"

"కంగారులో మనిషి కొత్త పని చెయ్యడు నాయనా, అలవాటైన పనే చేస్తాడు. దేముడు, మీ మావయ్య ఇద్దరూ కుడికి చూపించినారు. నువ్వొక్కడివే ఎడమకి. నీ కొత్త మిషన్ స్క్రూలో లూజు ఉండదు, అక్కడ అదే పద్ధతి. నీ చెయ్యి దానికే అలవాటు పడింది."

"బాణం గీస్తే ఉరి తీస్తారా?"

"తియ్యరు. అందుకే నీ మిషన్‌ని కూడా అడిగినాను. ఎప్పుడు ఆగిందో, ఎప్పుడు నడిచిందో అది నిమిషాలతో సహా రాసుకుంటాది. మంగళవారం ఒంటిగంటా అయిదు నుంచి ఇరవై రెండు వరకు అది ఆగిపోయి ఉంది. దాని సౌండులో నీకేమీ వినబడలేదన్నావు. ఏ సౌండు?"

కిరణ్‌కుమార్ గాజు తలుపుల వైపు చూశాడు. ఎవాంజలిన్ రెండుగా కోసిన బ్రాకెట్ బల్ల మీద పెట్టింది.

"పోత పోసినప్పుడే బీట పడిన బ్రాకెట్లను వెల్డింగుతో పూడ్చి, మంచివని నువ్వే ముద్ర వేసినావు. వెల్డింగు గట్టిపడి గణపతిరావు కట్టర్ పళ్లు రాలగొట్టింది. ఆయనకి అనుమానం వచ్చి ఒకటి కోసి చూసినాడు. కొనేవాళ్లకి చెప్తానని నీతో అని ఉంటాడు. ఇవి క్రేన్లకి వెళ్తాయి, విరిగితే కింద ఉన్న మనిషి..."

మాట పూర్తి కాలేదు. కిరణ్‌కుమార్ మిషన్ పక్కనున్న మూరెడు పానా అందుకున్నాడు. అందరికంటే దగ్గరగా ఉన్నది దేముడు, అతని తల మీదికే ఎత్తి కొట్టాడు. హరిబాబు ఎప్పుడు లేచాడో అతనికే తెలియదు. దెబ్బ అతని భుజం మీద పడింది. ఎముక విరిగిన చప్పుడు అందరికీ వినిపించింది. రెండో దెబ్బకు పానా లేచే లోపు ఎవాంజలిన్ కిరణ్‌కుమార్ మోకాలి వెనక తన్నింది. అతను ముఖం తగిలేలా టేబుల్ అంచు మీద పడ్డాడు. కానిస్టేబుళ్లు పైకి లేపేసరికి ముందు పళ్లు లేవు, గడ్డం మీదుగా రక్తం కారుతోంది.

"గణపతిరావు ఒక్క దెబ్బకి పోతాడనుకున్నాను," అన్నాడు రక్తం ఉమ్ముతూ. "పోలేదు. నా కాళ్లు పట్టుకున్నాడు. బాబూ అన్నాడు. అప్పుడు రెండోది కొట్టినాను."

ఉమాశంకర్ ముఖం కప్పుకున్నాడు. నేల మీద పడి మూలుగుతూ కూడా హరిబాబు ఎవాంజలిన్ వైపు గర్వంగా చూశాడు. ఆమె అతని పక్కన మోకాళ్ల మీద కూర్చుని, "కదలకు, వెర్రినాయనా," అని తిట్టింది. ఆమె కళ్లు చెమర్చడం అతను మొదటిసారి చూశాడు.

కిరణ్‌కుమార్‌ను జీపు దగ్గరికి ఈడ్చుకెళ్లాక మీనాకుమారి లేచింది. వచ్చి దేముడి పాదాల దగ్గర కూర్చుంది. అతని కట్టు కట్టిన చేతిని ముట్టుకోవడానికి ధైర్యం చాల్లేదు.

"బాబాయ్, నేనే తొక్కమన్నాను. నన్ను కొట్టు."

"నిన్నెందుకు కొడతాను తల్లీ?" అన్నాడు దేముడు. "మీ నాన్న సోమారం నాతో సెప్పినాడు. బ్రాకెట్లు పగిలుంటే మనుసులు పోతార్రా, సెప్పేద్దాం రా అన్నాడు. సెప్తే షెడ్డు మూసేత్తారు, ఈ వయసులో మనకి పనెవడిత్తాడు, నోరు మూసుకో అన్నాను. ఆడొక్కడే మిగిలిపోనాడు. ఇద్దరం కలిసి సెప్పుంటే ఇద్దర్నీ సంపగలడా? ఆడికి నేను తోడు లేకపోనాను. అందుకే ఆ దెబ్బలు నాకు తగినయ్యే అనుకున్నాను."

మీనాకుమారి ముఖం బిగుసుకుపోయింది. క్షమించేంత మెత్తని మాట కాదు అది.

"నాన్న సెప్దామన్నది," అంది చివరికి, "ఇప్పుడు నువ్వు సెప్తావా?"

దేముడు ఎడమచేత్తో కళ్లు తుడుచుకుని ఎస్సై వైపు తిరిగాడు. "రాసుకోండి బాబూ. ఇక్కణ్ణించి ఎల్లిపోయిన పగుళ్ల బ్రాకెట్లు నలభై రెండు. ఎన్ని ఎక్కడికి ఎల్లినాయో గణపతి లెక్కెట్టి నాకు సెప్పినాడు."

"తెలిసి కూడా ఊరుకున్నావంటే నీ పేరు కూడా కేసులోకి వస్తుంది," అన్నాడు మాయితి.

"రానీండి," అన్నాడు దేముడు. "ముందు ఆ క్రేన్లు ఆపించండి."

మాయితి కాగితం తీశాడు. మీనాకుమారి దేముడి పక్కనే నేల మీద కూర్చుని, బ్రాకెట్లు వెళ్లిన ఒక్కొక్క చోటి పేరూ వింది.