నాలుగో అంతస్తు బాలింత

హోసూరు పొలిమేరలో ఒక అమెరికా కంపెనీ అద్దాల మేడ ఉంది. దాని నాలుగో అంతస్తు చివరి గదికి చెడ్డపేరు. చీకటిపడితే అటువైపు మగవాడు పోడు. లోపల ఎవరో రొప్పుతున్నట్టు చప్పుడు... ఉస్స్... ఉస్స్... ఆగుతుంది, మళ్లీ మొదలవుతుంది. తెల్లారి చూస్తే కిటికీ కింద బయటి గోడమీద తెల్లటి చారలు. వాటి వెంట చీమలు.

కాన్పులో చచ్చిపోయిన ఉద్యోగిని ఒకతె బిడ్డకు పాలివ్వాలని తిరుగుతోందట. ఆమె పేరేమిటో ఎవరూ చెప్పలేరు. ఆ మేడలో హెచ్ఆర్ చూసే మధుమిత ఈ మాట విన్నప్పుడల్లా నవ్వేది — దెయ్యాన్ని ఉద్యోగంలోకి తీసుకున్నది నేను కాదమ్మా అని.

ఆ రాత్రి మాత్రం నవ్వు రాలేదు.

తేజస్విని అనే కొత్తమ్మాయి ప్రొబేషన్ మర్నాటితో అయిపోతుంది. ఉంచాలో పంపాలో తేల్చాల్సింది మధుమిత. పిల్ల పని బాగుంది. కానీ నైట్ షిఫ్టు మేనేజర్ జితేంద్ర పట్టు పట్టాడు.

"షిఫ్టు మధ్యలో మాయమైపోతోంది మేడమ్. అడిగితే కడుపునొప్పి. రోజూనా? ఎవడో ఉంటాడు... మీకు నేను చెప్పాలా?"

"చెప్పకండి. నేనే చూస్తాను."

ఆడది కాసేపు కనబడకపోతే ఎవడో ఒకడు ఉండి తీరాలి. ఈయన మాత్రం గంటకోసారి సిగరెట్టుకు కిందికి దిగుతాడు. అది మాయమవడం కిందికి రాదు.

అర్ధరాత్రి దాటాక తేజస్విని లేచింది. భుజాన సంచీ. మధుమిత చెప్పుల చప్పుడు కాకుండా వెనకే నడిచింది. వరండాలో దీపాలు మనిషిని చూసి ఒక్కొక్కటే వెలుగుతున్నాయి... దాటగానే ఆరిపోతున్నాయి. మలుపు తిరిగేసరికి — ఎదర ఎవరూ లేరు.

చీకట్లోంచి ఒక చెయ్యి ఆమె మణికట్టు పట్టుకుంది.

"యాడికి పోతావుమ్మా?"

కాంతమ్మ. ఆఫీసు ఊడ్చి తుడిచే ఆవిడ. బోర్లించిన బకెట్టు మీద కూర్చోనుంది.

"ఆడికి వద్దు. బాలింత ఉండాది. చూసినోళ్లకు జొరం తగులుతాది."

"నువ్వు రోజూ ఈడనే కూర్చోనుండావే. నీకు తగల్లేదా?" హోసూరు పక్క పల్లె అత్తిముగంలో పెరిగిన మధుమిత గొంతులోకి ఇంటి మాట వచ్చేసింది.

"ముగ్గురు బిడ్డల్ని కన్నదాన్ని, నన్నేం చేస్తాది?"

"నేనూ ఒకణ్ని కన్నాను. వదులు."

కాంతమ్మ వదల్లేదు. అప్పుడే వినబడింది — ఉస్స్... ఉస్స్... తలుపు సందులోంచి విరిగిన పాల వాసన. ఇప్పుడు వెనక్కి తిరిగితే, తెల్లారి ఆ పిల్లను పంపించడమే. చెయ్యి విదిలించుకుని తలుపు తోసింది.

ఫోను వెలుగు. గోడకు ఆనుకుని నేలమీద తేజస్విని, జుట్టంతా ముఖంమీద పడి ఉంది. రొమ్ముకు పట్టుకున్న చిన్న మిషను... పాలు పిండేది... రొప్పుతున్నది అదే.

ఆ పిల్ల చున్నీ లాక్కుంది.

"ఇంట్లో చంటిబిడ్డ ఉందా అని ఇంటర్వ్యూలో అడిగినారు కదా మేడమ్... లేదన్నాను. ఉందంటే తీసుకునేవాళ్లా?"

అబద్ధం చెప్పి చేరినవాళ్లను పంపెయ్యొచ్చు — ఆ రూలు మధుమితకు కంఠతా వచ్చు. తీసుకునేవాళ్లం కాదన్నదీ తెలుసు.

సీసా నిండింది. తేజస్విని కిటికీ తీసి ఆ పాలు బయటి గోడ మీదికి వంచింది.

"అయ్యో... పారబోస్తావేం?"

"పొద్దున దాకా యాడ పెట్టేది? ఫ్రిజ్‌లో పెడితే ఎవరిదని అడుగుతారు. సింకులో పోస్తే పాలు ఎండిపోతాయని మా అమ్మ చెప్పింది."

గుమ్మంలోంచి కాంతమ్మ గుసగుసలాడింది. "దెయ్యం కత నేనే కట్టినానమ్మా. ఈ పాపకు ముందు ఇంకో పాప ఉన్నింది. దానికి ముందు ఇంకొకతి. గది కావాలంటే ఇస్తారా మీరు? దెయ్యమంటే ఒక్క మగోడూ రాడు."

తల్లులకు ప్రత్యేకంగా ఒక గది ఉన్నట్టు కంపెనీ వెబ్‌సైటులో ఫొటో ఉంది. అది బెంగళూరు ఆఫీసుది. ఈ మేడలో అలాంటి గది దెయ్యానికే దొరికింది.

మధుమిత బయటికొచ్చి తలుపు తనే మూసింది.

జితేంద్ర వరండా ఆ చివర, దీపం కింద నిలబడి ఉన్నాడు. అడుగు ముందుకు వెయ్యడు.

"ఏమైంది మేడమ్? ఆ అమ్మాయి..."

"ఆ అమ్మాయి పర్మనెంట్. పొద్దున లెటర్ ఇస్తున్నాను."

"అదేంటి? మరి రోజూ..." అతని చూపు ఆమె భుజం మీదుగా చివరి గది వైపు పోయింది. గొంతు దానంతటదే తగ్గింది. "మీరు... లోపలికి వెళ్లారా?"

"వెళ్లాను."

"ఉందా?"

మధుమిత అటూ ఇటూ చూసి, అతని చెవి దగ్గరికి వంగింది.

"ఉంది. బాలింతే. తలుపుకు లోపలి నుంచి గడియ కావాలంట, ఒక చిన్న ఫ్రిజ్ కావాలంట. ఫ్లోరు ఖర్చులన్నీ మీ చేతిలోనే కదా..."

"మేడమ్—"

"మిమ్మల్ని పేరు పెట్టి అడిగింది."