పాత ఫోనుకు ప్లాస్టిక్ టబ్బు

ప్రజ్ఞాపూర్ చౌరస్తాలో చాయ్ తాగుతున్న మనిషిని పట్టపగలు కాల్చి చంపారు. బైక్ మీద వచ్చిన ఇద్దరూ హెల్మెట్లు తీయలేదు, ఎవరినీ ఏమీ అడగలేదు. చనిపోయినవాడు ఎక్కడున్నాడో అతని జేబులోని ఫోనే వాళ్లకు చెప్పింది.

"ముఠా కేసుల మొదటి సాక్షి పోయిండు," అన్నాడు చీఫ్ వెంకటనర్సయ్య. "ఇంక మిగిలింది లిడియా ఒక్కతే. రేపు కోర్టుల ఆమె నోరు విప్పేదాక ఆమె దాక్కున్న ఇంట్ల నుంచి ఒక్క సిగ్నల్ బయటికి పోవద్దు. సమజైందా?"

ఏజెంట్ కర్ణాకర్‌కు సమజైంది. జనం ఫోన్లలోని యాప్‌ల నుంచి ఎవరు ఎక్కడ తిరుగుతున్నారో కూపీ లాగి, అడిగినవాడికల్లా అమ్ముకునే విదేశీ ముఠా అది. డిపార్ట్‌మెంట్ దానికి పెట్టిన కోడ్‌నేమ్ 'గద్ద'. లిడియా ఆ ముఠా హైదరాబాద్ ఆఫీసులో పనిచేసి, అక్కడి వ్యవహారం చూసి హడలిపోయి బయటపడింది. ఇప్పుడు ఊరు మారి, తల్లి ఎల్లవ్వతో సిద్దిపేటలో ఒక కిరాయి ఇంట్లో తలదాచుకుంది.

వాటర్ ఫిల్టర్ మెకానిక్ వేషంలో కర్ణాకర్ ఆ తలుపు కొట్టాడు. సంచిలో పైన ఫిల్టర్లు, వాటి కింద అసలు సరంజామా. లైనక్స్ అనే ఉచిత సిస్టమ్ ఉన్న పెన్‌డ్రైవ్, ఫొటోలూ ఫైళ్లూ ఇంట్లోనే దాచుకునే అరచేతిలో పట్టే హోమ్ సర్వర్ డబ్బా, ఓపెన్ సోర్స్ సిస్టమ్ ఎక్కించిన ఫోన్లు.

"ఎవరో ఊరికే ఇచ్చే సాఫ్ట్‌వేర్ అంటున్నరు. నమ్మచ్చా సార్?" లిడియా అడిగింది.

"దీని కోడ్ ఎవరన్న తెరిచి చూడొచ్చు. దొంగపని చేస్తే దొరికిపోతది. నీ పాత సాఫ్ట్‌వేర్ లోపల ఏమున్నదో ఎవరికీ చూపియ్యరు."

లాప్‌టాప్ తుడిచేసి లైనక్స్ ఎక్కించాడు. మ్యాప్ మార్చాడు, మెసేజ్‌ల యాప్ మార్చాడు. టీవీకి ఇంటర్నెట్ పీకేశాడు. ఎల్లవ్వ మాత్రం అతని పక్కనుంచి కదల్లేదు.

"మా ఆయన ఫొటోలు పోతయా?"

"పోవు అవ్వా. అన్ని గీ డబ్బాల పెట్టిన. ఇంట్లనే ఉంటయి."

ఆమె నమ్మలేదు. భర్త ఫొటో కొత్త ఫోన్‌లో కనిపించాకే ఊపిరి పీల్చుకుంది. కర్ణాకర్‌కు ఆ ఊరట దక్కలేదు. ఒక్కటి మరిచిపోయినా ఈ తల్లీకూతుళ్లు బతకరని అతనికి తెలుసు. చేతులు కడుక్కుందామని బాత్రూంలోకి వెళ్లేసరికి అక్కడ తళతళలాడే నీలం టబ్బు కనిపించింది.

"టబ్బు కొత్తగున్నదే అవ్వా?"

"పాత ఫోనిచ్చి తీస్కున్న. పాత ఫోన్లకు టబ్బులంటూ బండిమీద వస్తరు సూడు, వాళ్ల దగ్గర."

కర్ణాకర్ నల్లా కట్టేశాడు. "ఆ ఫోన్ల ఎవరి అకౌంట్ ఉండె?"

లిడియా లేచి నిలబడింది. "నాదే సార్. అవ్వకు పెట్టిచ్చేటప్పుడు నా అకౌంటే ఏసిన. ఈడికొచ్చినంక నేనైతే దాన్ని తెరవలే."

అందరూ చేసేదే అది. అమ్మానాన్నల ఫోన్లలో పిల్లల అకౌంట్లు లేని ఇల్లు ఎక్కడుంది? కర్ణాకర్‌కు తన మీద తనకే కోపం వచ్చింది. ఇల్లంతా గాలించి, బండివాడికి పోయిన ఫోన్ సంగతి అడగనే లేదు. అది ఏయే ఇళ్లలో ఉందో అంతా లిడియా పేరు మీద దానిలో రాసే ఉంటుంది.

అంతలో తలుపు చప్పుడైంది.

"హుస్నాబాద్ పత్తి ఎట్లుంది?" కర్ణాకర్ లోపలి నుంచే అడిగాడు.

"తడిసింది. ఎండబెట్టాలి."

కోడ్ సరిపోయింది. గుమ్మంలో సింధూజ. ముదురాకుపచ్చ పట్టుచీర, నల్లకళ్లద్దాలు, గది నిండా సెంటు వాసన. గద్దలో ఉంటూ డిపార్ట్‌మెంట్‌కు కబుర్లు మోసే డబుల్ ఏజెంట్.

"టైమ్ లేదు," అందామె. "ఈ పెద్దామె పాత ఫోన్ గద్ద చేతిలో పడింది. అందులోంచి ఈ ఇంటి అడ్రస్ లాగారు. లిడియాను నాతో పంపించు, కారు బయటే ఉంది."

కర్ణాకర్ తల దించుకున్నాడు. తప్పు తనది, దాన్ని దిద్దే దారి ఆమె చూపిస్తోంది. లిడియాకు చెప్పులు వేసుకోమన్నాడు. కారు డోర్ తెరుచుకుంది.

ఎల్లవ్వ ఏడుస్తూ వెనకే వచ్చింది. "నా బుద్ధి గడ్డి తిన్నది బిడ్డా. మా పాత ఊరు కొండపాకల ఇల్లు ఖాళీ చేసేటప్పుడు ఆ టబ్బు తీస్కోకుంటే అయిపోతుండె."

లిడియా ఒక కాలు కారులో పెట్టింది.

"ఆగు," అన్నాడు కర్ణాకర్. "టబ్బు కొండపాకల తీస్కున్నవా?"

"గాడనే. గిన్నెలన్ని దాంట్లనే ఏస్కొని గీడికొచ్చినం."

కర్ణాకర్ లిడియా చేయి పట్టి వెనక్కి లాగాడు. "ఆ ఫోన్ సిద్దిపేట మొకమే చూడలే, సింధూజా. మరి ఈ ఇంటి అడ్రస్ దానికెట్ల తెలుసు?"

సింధూజ నవ్వుతూనే హ్యాండ్‌బ్యాగ్‌లోంచి లిప్‌స్టిక్ తీసింది. మూత తిరిగేలోపే కర్ణాకర్ ఆమె మణికట్టు మెలితిప్పాడు. లిప్‌స్టిక్ లోపల చిన్న ట్రాన్స్‌మిటర్, దాని మీద మీట. సందు చివర హెల్మెట్లు పెట్టుకున్న ఇద్దరు ఆ సిగ్నల్ కోసమే బైక్ మీద కూర్చుని ఉన్నారు. అది రాలేదు. కర్ణాకర్ ఫోన్ చేస్తే మఫ్టీ పోలీసులు వచ్చి ముగ్గురినీ పట్టుకున్నారు.

లిడియా మెట్ల మీద కూలబడింది. "మరి ఈమెకు మా ఇల్లు ఎవరు చెప్పిన్రు సార్?"

కర్ణాకర్ లెక్క వేశాడు. ఈ పూట దాకా ఈ అడ్రస్ తెలిసింది ఇద్దరికే, తనకూ చీఫ్‌కూ. ఫోన్ మోగితే స్పీకర్‌లో పెట్టాడు.

"సింధూజ వచ్చిందా?" చీఫ్ గొంతు ధీమాగా ఉంది. "నీకు తోడుంటదని నేనే పంపిన. దారి తప్పొద్దని పొద్దుగాల్నే లొకేషన్ కూడ షేర్ చేసిన. గిప్పుడు లిడియాను ఎటు తీస్కపోతున్నవ్? ఆ జాగ లొకేషన్ నాకు పెట్టు."

కర్ణాకర్ ఏమీ పెట్టలేదు. ఫోన్ కట్ చేశాడు.

ఎల్లవ్వ కొంగుతో కళ్లు తుడుచుకుంది. "మాకిచ్చినసొంటి కొత్త ఫోను ఇంకొకటి ఉన్నదా బిడ్డా?"

"ఎందుకవ్వా?"

"మీ సారుకియ్యి."